కొలాజెన్ పాలలోకి పోతుందా? బాలింతల మొహం గురించి తిరుగుతున్న సందేశానికి జవాబు

ఫోన్ల నుంచి ఫోన్లకు తిరుగుతున్న ఆ సందేశం సారాంశం ఇది: కాన్పుతో మొహానికి పదేళ్ల వయసు మీద పడుతుంది, పాలిచ్చేకొద్దీ చర్మంలోని కొలాజెన్ (చర్మాన్ని బిగువుగా ఉంచే ప్రొటీన్ పోగులు) పాలలోకి పోతుంది, ఆరు వారాల్లోపు పది అంచెల రొటీన్ మొదలుపెట్టకపోతే ముడతలు శాశ్వతం, ముడతల క్రీముల్లో వాడే రెటినాల్ (విటమిన్ ఎ రకం) బిడ్డకు విషం, మొక్కల నుంచి తీసినవైతే ఎన్నైనా వాడొచ్చు, గడప దాటకపోతే సన్‌స్క్రీన్ అక్కర్లేదు, రాసినప్పుడు చురుక్కుమంటే పనిచేస్తున్నట్టు. వీటిలో ఒక్కదాంట్లో కొంత నిజం ఉంది, దాన్నీ వంకరగా చెప్పారు.

<b>"కొలాజెన్ పాలలోకి పోతుంది"</b>

పోదు. పాలలోని ప్రొటీన్లను రొమ్ములోని కణాలు రక్తంలో తిరిగే అమైనో ఆమ్లాలతో (ప్రొటీన్లకు ముడిసరుకు) తయారుచేసుకుంటాయి. బుగ్గల్లోని పోగులు విప్పి తెచ్చుకోవు. కొలాజెన్ తగ్గుదల ఇరవైల్లోనే మొదలై ఏడాదికి దాదాపు 1 శాతం చొప్పున సాగుతుందని అంచనా. పిల్లల్ని కననివారికీ మగవారికీ అంతే. ఈ మాట వెనకే కొలాజెన్ పొడి ప్రస్తావన వస్తే మాత్రం ఆశ్చర్యపోనక్కర్లేదు. తాగిన పొడి కడుపులో అమైనో ఆమ్లాలుగా, వాటి చిన్న గొలుసులైన పెప్టైడ్లుగా విడిపోతుంది. అవి మొహానికే చేరాలన్న నియమమేమీ లేదు.

<b>"పదేళ్ల వయసు మీద పడుతుంది"</b>

అద్దంలో కనిపించే మార్పు నిజమే, దానికి పెట్టిన పేరే తప్పు. కాన్పు అవగానే ఈస్ట్రోజెన్ హార్మోన్ ఒక్కసారిగా పడిపోతుంది, పాలిస్తున్నన్నాళ్లూ తక్కువగానే ఉంటుంది. దాంతో చర్మం పొడిబారుతుంది, కళ్ల చుట్టూ సన్నటి గీతలు తేలతాయి. ఇవి ముడతలేనా అని తేల్చుకోవడానికి చిన్న పరీక్ష ఉంది. మొహం కడుక్కుని, తడి పూర్తిగా ఆరకముందే గ్లిజరిన్, సెరమైడ్లు (చర్మంలో తేమను పట్టి ఉంచే కొవ్వులు) ఉన్న మాయిశ్చరైజర్ మందంగా రాసి 20 నిమిషాలు ఆగండి. గీతలు చాలావరకు మాయమైతే అది తేమ లోపం. నవ్వినా నవ్వకపోయినా అదే చోట, అదే లోతున నిలిచి ఉంటేనే ముడత.

మిగతావి కూడా విడివిడిగా చూడాలి. గర్భంతో వచ్చిన ఉబ్బు తీసి, బరువు తగ్గి మొహం లోతుకు పోయినట్టుంటే దాన్ని ఏ క్రీమూ పూడ్చలేదు. కాన్పు తర్వాత రెండు నుంచి నాలుగు నెలలకు మొదలయ్యే జుట్టు రాలడం వయసు లక్షణం కాదు, ఏడాదిలోపు సాధారణంగా సర్దుకుంటుంది. మొహం పాలిపోయి, మెట్లెక్కితే ఆయాసం వస్తుంటే సీరమ్ కొనేముందు హిమోగ్లోబిన్ చూపించుకోవాలి. చర్మం బరకెక్కి, జుట్టు విపరీతంగా రాలుతూ, నిద్రపోయినా నీరసం వదలకపోతే థైరాయిడ్ పరీక్ష కూడా అవసరం. కాన్పు అయిన ఏడాదిలో థైరాయిడ్ వాపు రావడం అరుదేమీ కాదు.

<b>"ఆరు వారాల గడువు"</b>

అలాంటి గడువు లేదు. పైగా మొదటి వారాల్లో బలమైనవి మొదలుపెట్టడం తొందరపాటు. గర్భంలో వచ్చిన మంగు మచ్చలు చాలామందిలో కొన్ని నెలల్లో వాటంతటవే పలచబడతాయి. ఆ నెలలు ఆగకుండా యాసిడ్లతో గీకితే మంట వచ్చి, మంట నుంచి కొత్త నలుపు వస్తుంది. కాన్పు తర్వాత ఈస్ట్రోజెన్ ఉన్న గర్భనిరోధక మాత్రలు మొదలుపెట్టాక మంగు ముదిరితే ఆ సంగతి డాక్టరుకు చెప్పండి, వేరే పద్ధతి సూచిస్తారు.

<b>"పది అంచెలు"</b>

ఒకదాని మీద ఒకటి రాస్తే పైపూతలు నలకల్లా ఉండలు కడతాయి. వాటితోపాటే సన్‌స్క్రీన్ పొర చిరిగి, అక్కడక్కడా చర్మం బయటపడుతుంది. ఏదైనా పడకపోతే పదింటిలో దోషి ఎవరో తేలదు. రాత్రంతా మేలుకునే మనిషికి పది సీసాల క్రమం చెప్పడం దయలేని పని కూడా. పొద్దున నీళ్లతో కడిగి మాయిశ్చరైజర్, సన్‌స్క్రీన్; రాత్రి మృదువైన క్లెన్సర్, మాయిశ్చరైజర్. ఇదే పునాది. ఇది నాలుగు వారాలు కుదురుగా సాగాకే ఒక్క మందు చేర్చాలి. దాన్నీ ముందు మోచేతి లోపలివైపు రోజుకు రెండుసార్లు, వారం నుంచి పది రోజులు రాసి చూడాలి.

<b>"రెటినాల్ విషం, మొక్కలవి క్షేమం"</b>

కొంత నిజం ఉందన్నది ఇక్కడే. గర్భంతో ఉన్నప్పుడు రెటినాయిడ్లు (రెటినాల్, దాని కుటుంబంలోని మందులు) మానాలి. మళ్లీ గర్భం కోసం ప్రయత్నిస్తున్నవారూ దూరంగా ఉండాలి. అదే కుటుంబంలోని, మొటిమలకు నోటితో మింగే ఐసోట్రెటినోయిన్ పాలిచ్చేవారికీ కుదరదు. ఆ కుటుంబంలోనే మొహానికి రాసే ట్రెటినోయిన్ సంగతి వేరు. అందులో రక్తంలోకి చేరేది బహు స్వల్పం కాబట్టి పాలద్వారా బిడ్డకు ముప్పు తక్కువని భావిస్తారు. అయినా పాలిచ్చే తల్లులపై పరిశోధన లేదు గనుక డాక్టరును అడిగే మొదలుపెట్టాలి. పాలు మాన్పించేదాకా ఆగినా చర్మానికి జరిగే నష్టం ఏమీ లేదు.

ట్రెటినోయిన్ వాడేవారు ఎక్కువగా తప్పేది కొలతలోనే. మొహం మొత్తానికి బఠాణీ గింజంత చాలు. కడిగిన చర్మం పూర్తిగా ఆరాక రాయాలి. కళ్ల కొసలు, ముక్కు పక్కలు, పెదవుల మూలలు వదిలేయాలి. మొదటి నెల వారానికి రెండు రాత్రులే. చర్మం పొరలు లేస్తుంటే ముందు మాయిశ్చరైజర్, తర్వాత మందు, మళ్లీ మాయిశ్చరైజర్. సన్నటి ముడతల్లో తేడా తెలియడానికి మూడు నుంచి ఆరు నెలలు పడుతుంది. ఛాతీ మీదా, చనుమొనల దగ్గరా రాయకూడదు. రాసిన వెంటనే చేతులు కడుక్కోవాలి, తడి మొహంతో బిడ్డ బుగ్గకు బుగ్గ ఆనించకూడదు.

మొక్కలవి క్షేమమన్నది మరీ బలహీనమైన మాట. రెటినాల్‌కు బదులుగా చెప్పే, మొక్క నుంచి తీసే బకుచియోల్‌ను దానితో పోల్చి చూసిన 2018 నాటి ప్రయోగంలో పాల్గొన్నది 44 మందే, నడిచింది 12 వారాలే. ఫలితం ఆశాజనకమే కానీ పాలిచ్చే తల్లుల గురించి అది ఏమీ చెప్పదు. ఘాటైన సుగంధ తైలాలు తల్లికీ బిడ్డకూ ఎలర్జీ తెప్పించగలవు. నిజంగా జాగ్రత్తపడాల్సింది మచ్చలు పలచబరచే హైడ్రోక్వినోన్‌తో. రాసినదాంట్లో మూడోవంతు పైగా ఒంట్లోకి చేరుతుంది గనుక పాలిచ్చేటప్పుడు వద్దనే చెబుతారు. మంగుకు అజిలాయిక్ యాసిడ్ 15 నుంచి 20 శాతం, నియాసినమైడ్ 4 నుంచి 5 శాతం ఇంతకంటే మృదువైన దారులు. స్టెరాయిడ్ కలిసిన తెలుపు క్రీములు మొదటి వారాల్లో మెరుపు చూపించి, తర్వాత చర్మాన్ని పలచన చేసి ఎర్రటి నరాలు తేలుస్తాయి.

<b>"ఇంట్లో ఉంటే సన్‌స్క్రీన్ వద్దు"</b>

ఎండలోని అతినీలలోహిత కిరణాల్లో యూవీఏ, యూవీబీ అని రెండు రకాలు మనల్ని చేరతాయి. మామూలు కిటికీ అద్దం యూవీబీని చాలావరకు ఆపుతుంది, యూవీఏని చాలావరకు వదిలేస్తుంది. ముడతలకూ మచ్చలకూ ప్రధానంగా బాధ్యత యూవీఏదే. కిటికీ పక్క కుర్చీలో గంటల తరబడి పాలిచ్చేవారి సంగతి ఊహించుకోండి. మంగు ఉన్నవారికి కంటికి కనిపించే వెలుతురు కూడా శత్రువే. అందుకే వారికి ఐరన్ ఆక్సైడ్ కలిసిన, లేత రంగు సన్‌స్క్రీన్ మేలు. చూపుడు వేలు, మధ్య వేలు పొడవునా రెండు చారలు తీస్తే మొహానికీ మెడకూ సరిపోతుంది. డబ్బా మీది ఎస్‌పీఎఫ్ 30 (ఎండ నుంచి రక్షణ కొలత) అన్న అంకె చదరపు సెంటీమీటరుకు 2 మిల్లీగ్రాములు రాసి కొలిచింది. సగమే రాస్తే ఆ రక్షణ దక్కదు. బయట ఉంటే రెండు గంటలకోసారి మళ్లీ రాయాలి. కిటికీకి దూరంగా, తెర వేసిన గదిలో ఉండేవారు ఇంత పట్టింపు పెట్టుకోనక్కర్లేదు.

<b>"చురుక్కుమంటే పనిచేస్తున్నట్టు"</b>

గ్లైకోలిక్ యాసిడ్, విటమిన్ సి రాసిన నిమిషం రెండు నిమిషాలు సన్నగా చురుక్కుమనడం మామూలే. పది నిమిషాలైనా మండుతూ, ఎరుపెక్కి, మామూలు మాయిశ్చరైజర్‌కు కూడా భగ్గుమంటే చర్మపు పైపొర దెబ్బతిన్నట్టు. చామనఛాయ చర్మంలో ఆ మంట నెలల తరబడి నల్లమచ్చగా మిగులుతుంది. అప్పుడు మందులన్నీ ఆపి, రెండు వారాలపాటు మాయిశ్చరైజర్, జింక్ ఆక్సైడ్ సన్‌స్క్రీన్ మాత్రమే వాడాలి. అప్పటికీ ఎరుపు తగ్గకపోతే, వాడిన సీసాలన్నీ సంచిలో వేసుకుని చర్మవైద్యుల దగ్గరకు వెళ్లాలి.