15 కిలోమీటర్లకు ఇన్ని లెక్కలా?

హైదరాబాద్‌లోని ఉప్పల్ రింగ్ రోడ్డు నుంచి తూర్పు శివారు ఘట్‌కేసర్ దాదాపు 15 కిలోమీటర్లు. మధ్యలో ఘాట్ లేదు, ఏరు లేదు. వరంగల్ వెళ్లే 163వ నంబరు జాతీయ రహదారి బోడుప్పల్, పీర్జాదిగూడ, మేడిపల్లి, నారపల్లి, జోడిమెట్ల, అన్నోజిగూడ మీదుగా తిన్నగా పోతుంది. అయినా ఈ దారిన కారు తీయాలంటే ఇంట్లో అందరూ కూర్చుని మాట్లాడుకోవాల్సిందే. పోచారంలో పదిన్నరకు గృహప్రవేశం ఉందనుకుందాం. రామంతాపూర్‌లో ఉన్న చుట్టాలు తొమ్మిదికి బయల్దేరదామనుకుంటారు. ఆ టైంకి కాలేజీ బస్సులన్నీ రోడ్డు మీదే ఉంటాయి, ఏడున్నరకే పోదాం అంటుంది ఇంటావిడ. ఆదివారమైతే యాదగిరిగుట్టకు పోయే బండ్లు తోడవుతాయి. ఉప్పల్ స్టేడియంలో ఐపీఎల్ మ్యాచ్ ఉందంటే భోజనం కాగానే లేచి రావాలి. వాన పడిందా, వేసుకున్న లెక్కలన్నీ గల్లంతే.

ఇదంతా జనానికి అలవాటైపోయింది. ట్రాఫిక్ సంగతి తెలిసిందే కదా, కాస్త ముందే బయల్దేరితే సరిపోయేది అని ఆలస్యంగా వచ్చినవాడినే నాలుగు మాటలంటారు. ఈ ధోరణి పూర్తిగా తప్పని నా అభిప్రాయం. ఊరికీ శివారుకీ మధ్య ఇంత చిన్న ప్రయాణానికి ముందస్తు ప్రణాళిక వేసే పని కుటుంబం మీద పడకూడదు. అది రోడ్డు తవ్వినవాళ్లు, తవ్వడానికి అనుమతి ఇచ్చినవాళ్లు చేయాల్సిన పని. వాళ్లు చేయలేదు కాబట్టే మనం చేస్తున్నాం.

నేపథ్యం ఈ దారిన తిరిగేవాళ్లకు కొత్తగా చెప్పక్కర్లేదు. ఉప్పల్ నుంచి నారపల్లి వైపు ఆరు కిలోమీటర్లకు పైగా సాగే ఎలివేటెడ్ కారిడార్‌కు, అంటే పిల్లర్ల మీద నిలిచే పొడవాటి ఫ్లైఓవర్‌కు, 2018లో కేంద్ర మంత్రి నితిన్ గడ్కరీ శంకుస్థాపన చేశారు. 2020 కల్లా పూర్తి కావాలన్నారు. 2025 వచ్చినా ఆ పిల్లర్ల మీద బండి తిరగలేదు. భూసేకరణ, కరోనా, కాంట్రాక్టు సమస్యలు అంటూ కారణాలు చాలా విన్నాం. ఆ కారణాల్లో నిజం ఉండొచ్చు కూడా.

కానీ చర్చంతా పైన వచ్చే ఫ్లైఓవర్ చుట్టూనే తిరుగుతోంది. ఎప్పుడు పూర్తవుతుంది, ఏ పార్టీ హయాంలో ఆగింది, కొత్త గడువు ఎంత? నన్ను వేధించే ప్రశ్న వేరే. పైన స్లాబు ఆలస్యమైతే కింద రోడ్డు ఎందుకు నాశనం కావాలి? భూసేకరణ తేలలేదంటే పిల్లరు లేవదు, ఒప్పుకుంటాను. అప్పటికే ఉన్న రోడ్డు మీద గుంత పూడ్చడానికి ఏ భూసేకరణ అడ్డొచ్చింది? సర్వీస్ రోడ్డుకు తారు వేయడానికి ఏ కోర్టు కేసు ఆపింది?

ఈ దారిలో ఏ బస్టాపు దగ్గరైనా పావుగంట నిలబడి చూడండి. అంచున మట్టి, కంకర, తెరిచి ఉన్న కాలువ. అందుకని డ్రైవరు బస్సును పక్కకు తీయడు, రోడ్డు మధ్యలోనే ఆపుతాడు. ఎక్కాల్సినవాళ్లు చేతిలో సంచితో, చంకలో పిల్లతో ఒక లైను దాటుకుని బస్సు తలుపు దాకా పరుగెత్తాలి. బస్సుకూ గుంతకూ మధ్య ఉన్న ఆ కాస్త జాగాలోంచే ఒక బైకు దూరుతుంది. వెనక ఆగిన లారీ హారన్ కొడుతుంది. ఆ లారీ వెనక రెండు స్కూలు బస్సులు, వాటి వెనక వరంగల్ నుంచి వస్తున్న అంబులెన్స్. ఒక్క స్టాపులో కాలువ మీద మూత లేకపోవడం వల్ల ఇంత మంది ఆగుతారు. తర్వాతి స్టాపులో మళ్లీ ఇదే. ఈ దారి గురించి వేసుకునే టైం లెక్కల్లో సగం ఇలాంటి చోట్లలోనే పోతుంది. వీటిలో దేన్ని బాగు చేయడానికీ వందల కోట్లు అక్కర్లేదు.

ఏం చేయాలో తెలియక ఇలా జరుగుతోందా అంటే, కానే కాదు. పని జరిగే చోట ట్రాఫిక్‌ను ఎలా నడిపించాలో చెప్పడానికి ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ఎస్పీ 55 పేరుతో మార్గదర్శకాలే రాసిపెట్టింది. చాలా ముందు నుంచే హెచ్చరిక బోర్డులు పెట్టాలి. తర్వాత బండ్లను మెల్లగా పక్క లైనులోకి మళ్లించాలి. పని జరిగే జాగాను గట్టిగా వేరు చేయాలి. అది దాటాక మళ్లీ మామూలు దారిలోకి తీసుకురావాలి. చీకట్లో మెరిసే పట్టీలు, జెండా పట్టుకుని నిలబడే మనిషి, నడిచేవాళ్లకు విడిగా దారి, అన్నీ అందులో ఉన్నాయి. దాని ప్రకారమే పని చేసి ఉంటే ఉప్పల్ నుంచి మేడిపల్లి దాకా ఇన్నేళ్ల నరకం ఉండేది కాదు.

మరి ఎందుకు చేయరు? డబ్బు ఎటు పోతుందో చూస్తే అర్థమవుతుంది. కాంట్రాక్టరుకు బిల్లు లేచిన పిల్లరును, వేసిన స్లాబును బట్టి వస్తుంది. ఉన్న రోడ్డును కాపాడటం కూడా అతని బాధ్యతే. కానీ ఆ బాధ్యత ఎగ్గొట్టినందుకు బిల్లు ఆపిన సంగతి మనం ఎప్పుడైనా విన్నామా? ఇంజనీరు కొలత పుస్తకంలో కాంక్రీటు క్యూబిక్ మీటర్లకు చోటుంది, పీర్జాదిగూడలో బండి మీద కూర్చున్న మనిషి పోగొట్టుకున్న గంటకు చోటు లేదు. లెక్కలోకి రానిది ఎవరి జేబునూ తాకదు. అందుకే పిల్లర్లు ముందు లేస్తాయి, కాలువలు, సర్వీస్ రోడ్లు చిట్టచివరికి మిగులుతాయి. ఈ వరస తిరగబడాలి. కరెంటు స్తంభాలు, నీళ్ల పైపులు ముందు జరపాలి. ఆ తర్వాత రెండు వైపులా సర్వీస్ రోడ్డు, దాని కింద కాలువ పూర్తి చేయాలి. అప్పుడు గానీ మధ్యలో మొదటి గుంత తవ్వనివ్వకూడదు.

దీంతోపాటు ఇంకొకటి చేయాలి, ఖర్చు దాదాపు లేనిది. వారానికి ఒక రోజు ఉదయం తొమ్మిదికి, సాయంత్రం ఆరింటికి బాధ్యుడైన ఇంజనీరు ఉప్పల్ నుంచి నారపల్లి దాకా బండిలో వెళ్లాలి. ఎన్ని నిమిషాలు పట్టిందో రాసి, రింగ్ రోడ్డులో బోర్డు మీద పెట్టాలి. ఒప్పందంలో రాసుకున్న నిమిషాలు దాటితే ఆ నెల బిల్లులో కోత పడాలి. నిమిషానికి రూపాయల్లో విలువ కట్టిన రోజున గుంతలు వాటంతట అవే పూడతాయి. ఇది నేను గట్టిగా నమ్ముతున్నాను.

అభివృద్ధి కావాలంటే కొంత ఓర్చుకోవాలి, ఫ్లైఓవర్ పూర్తయితే ఈ బాధలేవీ గుర్తుండవు అనేవాళ్లున్నారు. వాళ్ల మాట కొట్టిపారేయను. వరంగల్, యాదగిరిగుట్ట వైపు నేరుగా పోయే బండ్లు పైకెక్కితే కింద కొంత ఊపిరి ఆడుతుంది. ఓర్చుకోమన్నది రెండేళ్లకైతే నేనూ సరే అనేవాడిని. 2018లో ఒకటో తరగతిలో చేరిన పిల్లలు ఈ దుమ్ములోనే హైస్కూలుకు వచ్చేశారు. పైగా బోడుప్పల్‌లో, పీర్జాదిగూడలో ఉండేవాళ్లకు ఫ్లైఓవర్ పూర్తయ్యాక కూడా కింది రోడ్డే గతి.

ఈ జబ్బు ఈ ఒక్క దారిదే అయితే ఇంత రాయనక్కర్లేదు. పక్కనే చర్లపల్లి చూడండి. 2025 జనవరి 6న కొత్త రైల్వే టెర్మినల్‌ను ప్రధాని ప్రారంభించారు. లోపల ఎస్కలేటర్లు, లిఫ్టులు, ఎయిర్‌పోర్టును తలపించే హాలు. స్టేషన్‌కు చేరే రోడ్ల సంగతే చివరికి మిగిలిపోయింది. తెల్లవారుజామున రైలు దిగిన కుటుంబం సామానుతో అక్కడి నుంచి ఉప్పల్ చేరడానికి పడే పాట్లు చూస్తే, టెర్మినల్ గీసినవాళ్లు గేటు దగ్గరే పెన్సిల్ పక్కన పెట్టేశారనిపిస్తుంది. కట్టడం మీద ఉన్న శ్రద్ధ దాన్ని చేరే దారి మీద ఉండదు.

అటు చూస్తే 158 కిలోమీటర్ల ఔటర్ రింగ్ రోడ్డు మీద గంటకు 120 కిలోమీటర్ల వేగాన్ని అనుమతించారు. ఘట్‌కేసర్‌లో ఇల్లు, గచ్చిబౌలిలో ఉద్యోగం ఉన్నవాళ్లు ఊరి మధ్య నుంచి పోలేక, దాదాపు రెట్టింపు దూరమైనా ఔటర్ ఎక్కి చుట్టూ తిరిగి పోతున్నారు. టోలు, పెట్రోలు వాళ్ల జీతంలోంచే. వాళ్లకు ఆ మాత్రం అవకాశమైనా ఉంది.

నాకు అసలు పట్టింపు ఉన్నది ఆ అవకాశం లేనివాళ్ల గురించి. కారున్న మనిషి ఫోన్‌లో మ్యాప్ చూసుకుంటాడు. ఎరుపు గీత కనిపిస్తే గంట ఆగుతాడు, లేదంటే నాగారం, రాంపల్లి వైపు తిప్పుకుంటాడు. బోడుప్పల్ నుంచి పోచారం ఐటీ క్యాంపస్‌లో హౌస్‌కీపింగ్ పనికి పోయే అమ్మకు ఏ దారి ఎంచుకోవాలన్న సమస్యే లేదు. బస్సు ఎటు పోతే అటే. షిఫ్టు టైం మారదు. ఆలస్యమైతే సగం రోజు జీతం కోత. 2023 డిసెంబరు 9 నుంచి మహాలక్ష్మి పథకం కింద ఆమెకు టికెట్ ఉచితం. మంచి పథకం, మనస్ఫూర్తిగా అంటున్నాను. కానీ టికెట్ డబ్బులు మిగిలిన మనిషికి టైం మిగల్లేదు. ఆమె ఎక్కిన బస్సు కూడా ఒక్కడే కూర్చున్న కారు వెనకే ఆగుతుంది. అరవై మందిని మోస్తున్న బండికి, ఒకడిని మోస్తున్న బండికి రోడ్డు మీద ఒకటే వరుస ఇవ్వడం నాకు న్యాయంగా కనిపించదు.

కాబట్టి ఈ రోడ్డు గురించి మాట్లాడినప్పుడల్లా మొదట బస్సు గురించి మాట్లాడాలి. ఉప్పల్ నుంచి మేడిపల్లి దాకా ఉదయం రెండు గంటలు, సాయంత్రం రెండు గంటలు బస్సులకు విడిగా ఒక లైను కేటాయించి చూడమనండి. ప్రతి స్టాపులో బస్సు పక్కకు ఆగడానికి సిమెంటు జాగా కట్టించమనండి. ఉప్పల్ మెట్రో స్టేషన్ 2017లోనే వచ్చింది, రింగ్ రోడ్డులో స్కైవాక్ 2023లో వచ్చింది. మెట్రో దిగి స్కైవాక్ మీదుగా హాయిగా నడిచొచ్చిన ప్రయాణికుడు ఆఖరి మెట్టు దిగగానే వరంగల్ కార్ల వాళ్ల అరుపుల మధ్య, ఎప్పుడొస్తుందో తెలియని ఘట్‌కేసర్ బస్సు కోసం నిలబడాలి. ఆ 15 కిలోమీటర్లకు పది నిమిషాలకో బస్సు కచ్చితంగా ఉంటే చాలామంది కారు తాళాలు ఇంట్లోనే వదిలేస్తారు.

రైలు సంగతీ అంతే. 2024 మార్చి 5న ఘట్‌కేసర్ నుంచి మౌలాలి, సనత్‌నగర్ మీదుగా లింగంపల్లికి ఎంఎంటీఎస్ లోకల్ రైలు మొదలైంది. పట్టాలున్నాయి, స్టేషన్లున్నాయి. తూర్పున ఇల్లు, పడమర ఉద్యోగం ఉన్నవాళ్లకు ఇంతకంటే సూటి దారి లేదు. కానీ వేళ్ల మీద లెక్కపెట్టగలిగే సర్వీసులతో ఎవరూ తమ ఉద్యోగాన్ని ఆ రైలుకు ముడిపెట్టుకోరు. జనం ఎక్కడం లేదని రైళ్లు పెంచరు, రైళ్లు లేవని జనం ఎక్కరు. మొదటి అడుగు వేయాల్సింది రైల్వే, దానికి ఖర్చులో చేయూత ఇవ్వాల్సింది రాష్ట్రం.

2025 చివర్లో ఔటర్ లోపల, దాన్ని ఆనుకుని ఉన్న 27 పురపాలికలను జీహెచ్‌ఎంసీలో కలిపారు. బోడుప్పల్, పీర్జాదిగూడ, పోచారం, ఘట్‌కేసర్ అన్నీ అందులో ఉన్నాయి. అంటే ఇక ఇది ఊరి నుంచి శివారుకు పోయే దారి కూడా కాదు, ఊరి లోపలి వీధి. ఇంటి పన్ను నగర స్థాయిలో అడగబోయే ప్రభుత్వం ప్రయాణం కూడా నగర స్థాయిలో ఇవ్వాలి.

ఉత్తరాన ప్యారడైజ్ నుంచి డెయిరీ ఫాం వైపు, రాజీవ్ రహదారి మీద శామీర్‌పేట వైపు మరో రెండు ఎలివేటెడ్ కారిడార్లకు 2024 మార్చిలో శంకుస్థాపన జరిగింది. అల్వాల్, బోయిన్‌పల్లి, తిరుమలగిరి జనం ఉప్పల్ అనుభవాన్ని ఇప్పుడే చదువుకోవాలి. పిల్లరు కంటే ముందు సర్వీస్ రోడ్డు, నిమిషాలు దాటితే బిల్లులో కోత, ప్రతి స్టాపులో బస్సు ఆగే జాగా. ఈ మూడూ ఒప్పంద పత్రంలో ఉన్నాయా అని అక్కడి ఎమ్మెల్యేలను, కార్పొరేటర్లను అడగాలి. లేవంటే చేర్చేదాకా పట్టుబట్టాలి.