మీసం మొక్కు

(ఆదివారం. క్యాథలిక్ చర్చిలో ఆరున్నర పూజకెళ్ళి, సత్ప్రసాదం (క్రీస్తు శరీరంగా ఫాదరుగారు ఇచ్చే పల్చటి అప్పం) తీసుకుని, ఇంటికొచ్చి అరగంటయింది. శౌరయ్య కంచంలో మూడో పెసరట్టు పడింది, అడక్కుండానే.)

ఇన్నమ్మ: నెయ్యి చాలకపోతే చెప్పు.

శౌరయ్య: ఏందే ఇవాళ? రోజూ రెండో అట్టుకే కొలెస్ట్రాలు గుర్తుచేస్తావు. డాక్టరుగానీ ఫోన్ చేశాడా? ఎన్నాళ్ళన్నాడు?

ఇన్నమ్మ: నోరు మంచిది కాదయ్యా నీది. కాదు కాదు, ఇవాళ మంచిదే. ఆ నోరు చూసే నా కడుపు నిండింది.

శౌరయ్య: నా నోరా?

ఇన్నమ్మ: ఆడవాళ్ళ వరసలోంచి కళ్ళారా చూశా. చేతులు జోడించుకుని, నాలుక మీద తీసుకున్నావు సత్ప్రసాదం. కరోనాలో చేతిలో తీసుకోమన్నారు, సరే. కరోనా పోయింది, నీ చేతులు మాత్రం చాపినవి చాపినట్టే ఉన్నాయి. గుణదల మాతకి నవదినాలు పట్టా. నిన్నటితో తొమ్మిది. ఇవాళ తెరిచావు నోరు.

(నిజం చెప్పెయ్యడానికి ఇదే అదను. కానీ నాలుగో అట్టు అప్పుడే పెనం మీద చుయ్యిమంది.)

శౌరయ్య: ఊఁ... ఏదో, అట్లా అనిపించింది.

ఇన్నమ్మ: వచ్చేటప్పుడు దారి పొడుగునా ఒక్క మాట మాట్లాడలా. అంత భక్తి నీలో పెళ్ళప్పుడు కూడా చూడలా.

శౌరయ్య: అది... పైపళ్ళ సెట్టుకి అంటుకుపోయిందే. మాట ఎట్లా వస్తుంది?

ఇన్నమ్మ: వేలు పెట్టి పీకావా?

శౌరయ్య: లేదు లేదు.

ఇన్నమ్మ: పీకకూడదు. గోధుమపిండి, నీళ్ళు, అంతేగా అందులో ఉండేది. ఉప్పు కూడా వెయ్యరు, పులవబెట్టరు. పది రూపాయల బిళ్ళ కంటే కాస్త పెద్దది. నాలుక మీద నిమిషం ఉంచితే అదే మెత్తబడుద్ది. నోరెండిపోతే అంగిటికి కరుచుకుంటుంది. పూజకొచ్చే ముందు గుక్కెడు నీళ్ళు తాగవయ్యా అంటే వినవు.

శౌరయ్య: ఉపవాసం గదే.

ఇన్నమ్మ: గంట ఉపవాసానికి మంచినీళ్ళూ మందుబిళ్ళలూ అడ్డం రావు. ఆ గంట కూడా పూజకి ముందు కాదు, సత్ప్రసాదానికి ముందు. వెనకటికైతే అర్ధరాత్రి నుంచి చుక్క నీళ్ళు ముట్టేవాళ్ళు కాదు. 1953లో పోపుగారు నీళ్ళకి ఒప్పుకున్నారు, 1964లో ఉపవాసం గంటకి దించారు. క్యాథలిక్ మిషన్ బళ్ళో అన్నేళ్ళు పాఠాలు చెప్పినోడివి, నీకు నేను చెప్పాలా?

శౌరయ్య: పళ్ళసెట్టు గురించి ఏ పోపుగారూ రాయలేదు.

ఇన్నమ్మ: సరేలే, కొత్తగా మారావు గదా, నేర్చుకుందువు. నోరు తెరవడం కూడా అలవాటు తప్పింది నీకు. ‘క్రీస్తు శరీరము’ అంటే ‘ఆమెన్’ పైకి వినపడాలి. ఆ తర్వాత తల కాస్త వెనక్కి, నాలుక కింది పెదవి దాటి బయటికి. ఫాదరుగారు చెయ్యి తీసుకునేదాకా కదలకూడదు. నువ్వు పిచ్చుకపిల్లలాగా తెరిచి ఠకీమని మూశావు. ఆయన వేళ్ళు చూశావా, ఉన్నాయా?

శౌరయ్య: ఐదూ ఉన్నాయి. అందుకే నేను చేతిలో మేలనేది. ఒకరి ఎంగిలి ఇంకొకరికి అంటదు.

ఇన్నమ్మ: నీ చెయ్యి గంధపు చెక్క మరి! బండి తాళం, ముక్కుపొడుం డబ్బా, అన్నీ ఆ చేతిలోనేగా.

(మారినవాడు ఇక్కడ తల ఊపి అట్టు తినాలి. శౌరయ్య పంతులు. ఊరుకోలేడు.)

శౌరయ్య: చేతినంత తీసిపారెయ్యకు. నాలుగో శతాబ్దంలో యెరూషలేము పీఠాధిపతి, అదే బిషప్పు, పునీత సిరిలుగారు, కొత్తగా జ్ఞానస్నానం తీసుకున్నవాళ్ళకి చెప్పారు. ఎడమచేతిని కుడిచేతికి సింహాసనం చెయ్యండి, అరచెయ్యి దొప్పలాగా పట్టండి, వచ్చేది రాజు అని.

ఇన్నమ్మ: ఏది దేనికి సింహాసనం?

శౌరయ్య: ఎడమ, కుడికి.

ఇన్నమ్మ: అయితే పైనుండేది?

శౌరయ్య: (గొంతు తగ్గించి) కుడి.

ఇన్నమ్మ: నువ్వు పైన పెట్టేది?

శౌరయ్య: ఎడమ. ఇప్పటి పద్ధతి అదే. ఎడమ అరచేతిలోకి తీసుకుని, ఒక అడుగు పక్కకి జరిగి, కిందున్న కుడిచేతి వేళ్ళతో తీసి నోట్లో పెట్టుకోవాలి. ఫాదరుగారి ఎదురుగానే. నడుచుకుంటూ కాదు, బెంచీకాడికెళ్ళి కాదు.

ఇన్నమ్మ: కొట్టువాడికి ఎడమచేత్తో డబ్బులిస్తేనే మొహం మాడ్చుకుంటాడు. రాజుగారికి ఎడమచెయ్యా?

శౌరయ్య: కుడిచేతిలోనే తీసుకుని అరచెయ్యి నోటికానించుకోవచ్చు, ఎవరొద్దన్నారు?

ఇన్నమ్మ: ఆ సిరిలుగారే ఇంకో మాట కూడా చెప్పారు గదా. ఎవరన్నా బంగారు రజను ఇస్తే ఎట్లా పట్టుకుంటావో అట్లా పట్టుకో, పొడి కూడా రాలనీకు అని. అది మింగేశావేం? నువ్వు చెప్పిందేలే. నువ్వు మర్చిపోయే సగం నాకు గుర్తుంటది. ఎన్నడన్నా తిన్నాక అరచెయ్యి చూసుకున్నావా? లాల్చీకి రాసుకుంటావు.

శౌరయ్య: ఒక్కసారి.

ఇన్నమ్మ: క్రిస్మస్ నాడు. కొత్త లాల్చీకి.

శౌరయ్య: రోమే ఒప్పుకుంది గదే. 1969 మే 29, ఆరవ పౌలు పోపుగారి కాలం.

ఇన్నమ్మ: ఆ కాగితంలోనేగా లెక్కుంది. లోకంలో పీఠాధిపతుల్ని అడిగితే చేతిలో వద్దన్నవాళ్ళు ఎందరు?

శౌరయ్య: 1233.

ఇన్నమ్మ: సరేనన్నవాళ్ళు?

శౌరయ్య: 567.

ఇన్నమ్మ: (పిండి చేత్తో గట్టు మీద తీసివేత వేస్తూ) పదమూడులోంచి ఏడు పోతే ఆరు. పన్నెండులోంచి ఆరు పోతే ఆరు. పదకొండులోంచి ఐదు పోతే... యేసు మరియ జోజప్ప! 666!

శౌరయ్య: ఏదీ?

ఇన్నమ్మ: బైబిల్లో దర్శన గ్రంథం! సైతాను మృగం సంఖ్య! చేతుల వెనకాల ఎవడున్నాడో ఇప్పుడన్నా తెలిసిందా?

శౌరయ్య: నిదానం. ఎక్కువొచ్చింది ఎవరికి? నాలుకకి. ఆ 666 మీ పార్టీ మెజారిటీయే.

(పెనం మీద అట్టు మాడింది. ఇన్నమ్మ గట్టు మీది లెక్కని కొంగుతో తుడిచేసింది.)

ఇన్నమ్మ: అది తీసి అవతల పారెయ్. అప్పుడైనా సమానం. ఓడిపోలేదుగా.

శౌరయ్య: అందుకే నాలుకనే మామూలు పద్ధతిగా ఉంచారు. ఏ దేశం పీఠాధిపతులైనా రహస్య ఓటులో మూడింట రెండొంతులమంది కోరి రోముకి రాస్తే చేతికి అనుమతి. అనుమతున్నచోట కూడా నాలుక మీద కావాలన్నవాళ్ళని కాదనకూడదు. 2004లో మళ్ళీ చెప్పారు.

ఇన్నమ్మ: మారినోడు మాట్లాడే మాటలు కావే ఇవి.

శౌరయ్య: న్యాయం చెప్పాగా.

ఇన్నమ్మ: పోనీలే, నోరు ఎట్లా వాగినా తెరవాల్సినప్పుడు తెరిచింది. ఫిబ్రవరి 11కి గుణదల పోవాలి. మా అక్కకీ చెప్పా, వస్తానంది. మొక్కు చూడాలంట.

శౌరయ్య: ఏం మొక్కు?

ఇన్నమ్మ: నువ్వు నాలుక మీద తీసుకుంటే నీ మీసం మాతకి ఇస్తానని.

శౌరయ్య: నా...

ఇన్నమ్మ: తలనీలాలే అనుకున్నా. ఇవ్వడానికేం మిగిలిందక్కడ?

(శౌరయ్య అట్టు వదిలేశాడు. ఎడమచేత్తో మీసం పట్టుకున్నాడు. అది 1984 నుంచీ ఉంది.)

శౌరయ్య: ఇన్నమ్మా, నేను మారలేదు. అప్పుడు నా చేతిలో నోటుంది.

ఇన్నమ్మ: ఏం నోటు?

శౌరయ్య: పది రూపాయలది. మడిచి రెండు చేతుల మధ్య పెట్టుకున్నా. తీరా వరస ముందుకొచ్చాక గుర్తొచ్చింది. చేతులు చాపితే నోటు పడుద్ది. అందుకని నోరు తెరిచా.

ఇన్నమ్మ: మరి అట్లా తల వంచుకుని వచ్చావే, వినయంగా?

శౌరయ్య: నోటు కనపడుతుందేమోనని చూసుకుంటున్నా.

ఇన్నమ్మ: కళ్ళలో నీళ్ళు?

శౌరయ్య: ముక్కుపొడుం.

ఇన్నమ్మ: పూజయ్యాక కూడా అంతసేపు మోకరించావే!

శౌరయ్య: ఫాదరుగారు గుమ్మంలోంచి పోతారేమోనని చూశా. ఆయనకి ఎదురుపడలేను.

ఇన్నమ్మ: ఎందుకు పడలేవు?

శౌరయ్య: కొత్త ఫాదరుగారు ఆ గడ్డం కింద పట్టే పళ్ళెం మళ్ళీ బయటికి తీయించారు గదా. కరోనా నుంచీ పూజ సామాన్ల గది బీరువాలోనే ఉండె. నేను నోరు తెరిచానా, పూజలో సాయం చేసే పిల్లగాడు గభాల్న గడ్డం కిందికి పళ్ళెం పెట్టాడు.

ఇన్నమ్మ: పెట్టాలిగా.

శౌరయ్య: పళ్ళెం వచ్చిందా... నలభై ఏళ్ళ అలవాటు. వేసేశా.

ఇన్నమ్మ: ఏం వేశావు?

శౌరయ్య: పది.

(పొయ్యి మీద గరిట ఆగింది. వీధిలో కోడికూర వాసన కూడా ఆగినట్టే ఉంది.)

ఇన్నమ్మ: సత్ప్రసాదం పళ్ళెంలో! కానుకేశావా! రజను రాలితే కింద పడకూడదని పట్టేదయ్యా అది! ఆ రజను నీ నోటుకి అంటుకుంటే?

శౌరయ్య: ఫాదరుగారు చూసుకున్నారే. పీఠం దగ్గరికెళ్ళి నోటు మడత విప్పి, పాత్రలోకి దులిపి, పళ్ళెం వేలితో తుడిచి, నీళ్ళు పోసి, తాగేశారు. నోటు పక్కన పెట్టారు.

ఇన్నమ్మ: అందుకా ఇవాళ పాత్రలు కడగడం అంతసేపు పట్టింది! నేను ఆ సందులో పది మంగళవార్త జపాలు చెప్పుకున్నా, నీ మనసు మార్చినందుకు!

శౌరయ్య: పది రూపాయలకి పది. సరిపోయిందిలే.

ఇన్నమ్మ: ఏడ్చినట్టుంది. ఆ పది కానుకలప్పుడే వెయ్యకుండా ఎందుకు దాచినట్టు, పిసినారీ?

శౌరయ్య: కానుకల్లో యాభై వేశా. ఇది వేరు.

ఇన్నమ్మ: దేనికి?

శౌరయ్య: మాత గుహ దగ్గర కొవ్వొత్తికి. నీ మోకాలికి. పోయిన ఆదివారం మోకరించి తీసుకుని లేవలేకపోయావు, ఇద్దరు పట్టి లేపారు. ఆ వరసలోకి నేను రాలేను గదా.

(ఇన్నమ్మ పొయ్యి ఆపేసింది. కొంచెంసేపు ఏమీ అనలేదు. ఆ ఇంట్లో అది తుపాను హెచ్చరిక కంటే పెద్ద వార్త.)

ఇన్నమ్మ: పది రూపాయల కొవ్వొత్తికి మోకాలేం తగ్గుద్ది? ఇరవైది వెలిగిస్తే ఏం పోయె?

శౌరయ్య: చిల్లర లేదు. నిలబడే తీసుకోవే. ముందు తలవంచి నమస్కారం చేస్తే చాలు. మోకరించారనీ నిలబడ్డారనీ సత్ప్రసాదం ఇవ్వకుండా పంపే హక్కు ఎవరికీ లేదు.

ఇన్నమ్మ: చూద్దాంలే. ముందు నా మొక్కు సంగతి చెప్పు.

శౌరయ్య: చెల్లదు. నేను మనసారా తీసుకోలేదు.

ఇన్నమ్మ: మాత దగ్గర నేను ‘నాలుక మీద తీసుకుంటే’ అన్నా. ‘మనసారా’ అనలా. తీసుకున్నావా లేదా?

శౌరయ్య: మన చర్చి చట్టం 1193 చూడు. మొక్కుబడి మొక్కుకున్నవాళ్ళకే కట్టుబాటు. మొక్కింది నువ్వు. నాకేం సంబంధం?

ఇన్నమ్మ: నాకే కట్టుబాటా?

శౌరయ్య: నీకే.

ఇన్నమ్మ: అయితే నా చేత్తో నేనే గీస్తా. ఇంట్లో కొత్త బ్లేడుందా, పాతదేనా?

శౌరయ్య: ఆ పది రూపాయలుంటే కొత్తది వచ్చేది.