టైరు చల్లగా ఉన్నప్పుడే అసలు లెక్క: గాలి పంపు కొనేటప్పుడు ఆ 150 అంకెను పక్కన పెట్టండి

కారుకో బైకుకో గాలి కొట్టే పంపు కోసం ఆన్‌లైన్‌లో వెతికితే, పెట్టె మీద అన్నిటికంటే పెద్ద అక్షరాల్లో ఉండేది 150 పీఎస్‌ఐ (గాలి ఒత్తిడికి కొలమానం) అనే అంకె. చాలామంది దాన్ని చూసే కొంటున్నారు. కానీ మన కార్లలో ఎక్కువ వాటికి కావాల్సింది 30 నుంచి 36 పీఎస్‌ఐ. బైకుకు ముందు చక్రంలో పాతిక పైచిలుకు, వెనక మనిషి కూర్చున్నా వెనక చక్రంలో 40 దాటే అవసరం దాదాపు రాదు. 150 పీఎస్‌ఐ పట్టే టైరు మన ఇంటి ముందు నిలబడే ఏ బండికీ లేదు. లారీ టైరుకైనా అంత అక్కర్లేదు.

అక్కర్లేని అంకె ఉంటే నష్టమేంటని అడగొచ్చు. నష్టం ఉంది, అదీ పంపు మీదుండే మీటరులో. ముల్లు మీటరులో వచ్చే తేడాను సాధారణంగా మొత్తం స్కేలు మీద శాతంగా లెక్కగడతారు. 150 వరకు గీతలున్న మీటరు 2 శాతం తేడా చూపిందంటే 3 పీఎస్‌ఐ అటో ఇటో పోయినట్టే. అదే 60 వరకే గీతలున్న మీటరైతే ఆ 2 శాతం 1.2 పీఎస్‌ఐ దాటదు. మనం పట్టించుకోవాల్సిన తేడాలన్నీ రెండు మూడు పీఎస్‌ఐల లోపలివే. మన అవసరమంతా 25కీ 40కీ మధ్య ఉంటే, 150 గీతల మీటరులో ఆ భాగం బొటనవేలి గోరంత జాగాలో ఇరుక్కుపోతుంది. కాబట్టి పంపు ఏది కొన్నా 0 నుంచి 60 స్కేలున్న చేతి మీటరు ఒకటి విడిగా కొనాలి. పంపు కంటే ముందు అదే కొనండి.

ఇంతకీ ఇంట్లో పంపు ఎందుకు? పంక్చరైనప్పుడు పనికొస్తుందనేది అందరూ చెప్పే జవాబు. అది చిన్న కారణం. టైరును చల్లగా ఉన్నప్పుడు కొలిచి నింపడానికి ఇంతకంటే మంచి దారి లేదన్నదే పెద్ద కారణం. కారు డ్రైవర్ డోరు తీస్తే ఫ్రేము మీద అంటించిన స్టిక్కరులో, బైకుకైతే చెయిన్ గార్డు మీదో మాన్యువల్‌లోనో రాసే అంకెలన్నీ చల్లని టైరువి. బండి కనీసం మూడు గంటలు ఆగి ఉండాలి, లేదా ఒకటి రెండు కిలోమీటర్లకు మించి తిరిగి ఉండకూడదు. అప్పటి కొలతకే ఆ స్టిక్కరు వర్తిస్తుంది. టైరు లోపలి గాలి 5, 6 డిగ్రీలు వేడెక్కితే ఒత్తిడి దాదాపు 1 పీఎస్‌ఐ పెరుగుతుంది. హైవే మీద గంట తోలిన టైరు చల్లనిదాని కంటే 4, 5 పీఎస్‌ఐ ఎక్కువ చూపడం మామూలే.

ఇప్పుడు జరిగేది చూడండి. హైదరాబాద్‌లో బయల్దేరి విజయవాడ దారిలో సూర్యాపేట దగ్గర బంకులో ఆగి 33 కొట్టమంటారు. ఆ టైరు అప్పటికే వేడి మీద ఉంది. మీటరు 33 చూపగానే కుర్రాడు ఆపేస్తాడు. మర్నాడు తెల్లవారి చల్లబడ్డాక అదే టైరులో 28, 29 ఉంటుంది. ఇంకొందరైతే వేడి టైరులో 37 కనిపించగానే ఎక్కువైందని గాలి వదిలించేస్తారు. మీటరు మంచిదే, కుర్రాడి పొరపాటూ లేదు, అయినా టైరులో గాలి తక్కువే మిగిలింది. ఇంటికి మూడు నాలుగు కిలోమీటర్ల దూరంలో ఉన్న బంకుకు ట్రాఫిక్‌లో పోయి వచ్చేవాళ్లకూ కాస్త తక్కువగా ఇదే జరుగుతుంది.

మన రెండు రాష్ట్రాల్లో ఇది ప్రాణాల మీదికి వచ్చే సంగతి. ‘ఎండాకాలం గాలి తగ్గించి కొట్టించాలి, లేకపోతే టైరు పేలిపోతుంది’ అనే మాట ఎంత బలంగా పాతుకుపోయిందో అందరికీ తెలుసు. నిజం దానికి పూర్తిగా తలకిందులు. గాలి తక్కువైన టైరు పక్క గోడ, చక్రం తిరిగిన ప్రతిసారీ ఎక్కువగా వంగి లేస్తుంది. అలా వంగి లేవడం వల్లే రబ్బరులో వేడి పుడుతుంది. రామగుండంలోనో రెంటచింతలలోనో 45 డిగ్రీల ఎండలో, కాలే తారు మీద, అయిదుగురు మనుషులతో, డిక్కీ నిండా సామానుతో వందకు పైగా వేగంలో పోతుంటే ఆ వేడి బయటికి పోయే దారి ఉండదు. లోపలి పొరల అతుకు ఊడుతుంది, ట్రెడ్, అంటే రోడ్డును తాకే పై పొర, పట్టీలా లేస్తుంది, టైరు చీలిపోతుంది. స్టిక్కరులో ఉన్నంత గాలి పడితే వేడికి పెరిగే ఆ నాలుగైదు పీఎస్‌ఐని టైరు మోయగలదు. కంపెనీ ఆ లెక్క వేసుకునే అంకె రాసింది. మండుటెండలో గాలి తీయించడమంటే పేలుడును మన చేత్తో పిలిచినట్టు.

బంకులో గాలి ఉచితం కదా, దీనికి వేలు ఎందుకు పోయాలనేది అవతలి వాదన. ఉచితమే. ఆయిల్ కంపెనీలు డీలర్లకు పెట్టిన నిబంధనల్లో గాలి సదుపాయం ఉంది, దాన్ని అడిగి తీసుకోవడం మన హక్కు, మిషన్ పాడైతే ఫిర్యాదు పుస్తకం అడగాల్సిందే. ఇంట్లో చేతి మీటరుతో చల్లగా కొలిచి, నాలుగు పీఎస్‌ఐ తక్కువుందని తెలుసుకుని, బంకులో మీటరు ఎంత చూపినా దాని మీద నాలుగు కలపమని చెప్పగలిగేవారికి పంపు లేకపోయినా పర్వాలేదు. అలా చేసేవారు ఎంతమంది? ట్యూబ్‌లెస్ టైరు పంక్చర్ లేకపోయినా నెలకు 1, 2 పీఎస్‌ఐ తనంతట తానే వదులుతుంది. నెలకు రెండుసార్లు చూసుకోవాల్సిన పనికి క్యూ కట్టాల్సి వస్తే ఆ పని మూడు నెలలకోసారి అవుతుంది.

ఇక ఎంపిక. పంపులో చూడాల్సిన మొదటి అంకె నిమిషానికి ఎన్ని లీటర్ల గాలి ఇస్తుందనేది. 185/65 ఆర్15 సైజు కారు టైరు లోపల సుమారు 28 లీటర్ల జాగా ఉంటుంది. 20 నుంచి 33 పీఎస్‌ఐకి తేవాలంటే బయటి గాలి దాదాపు 25 లీటర్లు లోపలికి పోవాలి. పూర్తిగా కూర్చుండిపోయిన టైరుకైతే 63 లీటర్లు. పెట్టె మీద నిమిషానికి 35 లీటర్లని రాసే, కారు సాకెట్‌కు గుచ్చే వైరు పంపులు ఎదురొత్తిడి లేనప్పుడే అంత ఇస్తాయి, టైరులో ఒత్తిడి పెరిగాక సగానికి పడతాయి. అయినా 20 నుంచి 33కి రెండు నిమిషాల లోపే, ఖాళీ టైరుకు నాలుగు నిమిషాల లోపే పని అయిపోతుంది. జేబులో పట్టే పంపుల్లో చాలా వాటికి రాసుకునేదే 10, 12 లీటర్లు. దానిలోనూ సగమే అందితే ఖాళీ టైరుకు పది నిమిషాలు దాటుతుంది. అక్కడే తంటా మొదలవుతుంది, ఎందుకంటే ఈ చిన్న మోటార్లు ఆపకుండా పది, పదిహేను నిమిషాలకు మించి తిరగకూడదు. సిలిండర్ తల కాలిపోతుంది, పిస్టన్ చుట్టూ ఉన్న రింగు మెత్తబడి గాలి కిందికి జారుతుంది, ప్లాస్టిక్ కనెక్టింగ్ రాడ్ ఉన్నవాటిలో అది విరుగుతుంది. ఎంతసేపు తిప్పి ఎంతసేపు ఆపాలో మాన్యువల్‌లో రాయని పంపును కొనకండి.

కారుకు నా తీర్పు సూటిగా ఇది: డ్యాష్‌బోర్డు సాకెట్‌కు గుచ్చే 12 వోల్టుల వైరు పంపు, లోహపు సిలిండర్ ఉన్నది. బ్యాటరీ పంపు చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది. 4,000 ఎంఏహెచ్ అని రాసి ఉంటే, అది చాలాసార్లు 2,000 ఎంఏహెచ్ సెల్లులు రెండు కలిపిన లెక్క, అంటే మొత్తం 15 వాట్ అవర్ల శక్తి. ఒక ఖాళీ కారు టైరు నింపేసరికే అందులో ఎక్కువ భాగం ఖర్చయిపోతుంది. పైగా ఆ పంపు ఉండేది డిక్కీలో. మే నెలలో ఎండలో నిలబెట్టిన కారు లోపల 60 డిగ్రీల వేడిలో నెలల తరబడి పడుకున్న లిథియం సెల్లు, అవసరం పడిన రాత్రి లేచి పనిచేస్తుందనే నమ్మకం లేదు. వైరు పంపుకు అరగదీసుకునే బ్యాటరీయే లేదు, కారు బ్యాటరీయే దాని బ్యాటరీ.

అయితే వైరు పంపుకూ ఒక గీత ఉంది. సాకెట్ ఫ్యూజు సాధారణంగా 10 లేదా 15 ఆంపియర్లు. 10 ఆంపియర్లంటే 120 వాట్లు. 10 ఆంపియర్ల ఫ్యూజున్న సాకెట్‌కు 180 వాట్ల పంపు గుచ్చితే 15 ఆంపియర్లు లాగి ఫ్యూజు కొట్టేస్తుంది, అప్పుడు సాకెట్ చెడిపోయిందనుకుని మెకానిక్ దగ్గరికి పరుగెత్తుతాం. ముందుగా ఫ్యూజు బాక్సు మూత మీద అంకె చూసి, దానికి లోబడిన పంపు కొనాలి. రెండు సిలిండర్ల పెద్ద పంపును మాత్రం బ్యాటరీకే క్లిప్పులతో తగిలించాలి. ఇంజిన్ ఆన్‌లో ఉండాలా అన్న అనుమానం చాలామందికి ఉంది. 10 ఆంపియర్లు అయిదు నిమిషాలు లాగితే ఖర్చు 0.83 ఆంపియర్ అవర్. 35 ఆంపియర్ అవర్ల ఆరోగ్యమైన బ్యాటరీకి అది లెక్కలోకి రాదు, తాళం ఒక మెట్టు తిప్పితే చాలు. నాలుగు టైర్లూ బాగా పడిపోయి ఉంటేనో బ్యాటరీ పాతదైతేనో ఇంజిన్ ఆన్ చేయండి, కానీ అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో కాదు, ఆ పొగ మనిషిని చంపుతుంది.

ఒక పని దగ్గరగా చూద్దాం. ఉదయం బండి తీయకముందు వాల్వు మూత విప్పి చేతి మీటరు ఒత్తితే 29 చూపింది. స్టిక్కరు 33 అంటోంది. పంపు నాజిల్ తిప్పి బిగించి, పంపు తెరను పీఎస్‌ఐలోకి మార్చి, 33 పెట్టి స్విచ్ నొక్కారు. పంపు 33 దగ్గర దానంతట అదే ఆగింది. నాజిల్ విప్పి మళ్లీ చేతి మీటరు పెడితే 31. ఇలా ఎందుకంటే, నడుస్తున్నప్పుడు పంపు కొలిచేది సన్నటి పైపులోని ఒత్తిడిని, అది టైరులో కంటే ఎప్పుడూ కాస్త ఎక్కువే. నాజిల్ విప్పేటప్పుడు కొంచెం గాలి బుస్సుమని పోతుంది కూడా. రెండుసార్లు చూస్తే మీ పంపు ఎంత తక్కువ నింపుతుందో తెలిసిపోతుంది, ఆ తేడా కలిపి 35 పెట్టుకుంటే సరి. తెర బార్‌లో (ఒత్తిడికి ఇంకో కొలమానం) ఉందేమో మాత్రం ప్రతిసారీ చూడాలి, 33 పీఎస్‌ఐ అంటే 2.3 బార్. పని కాగానే ఇత్తడి నాజిల్‌ను వట్టి చేత్తో పట్టుకోవద్దు, ఆ వేడికి చెయ్యి కాలుతుంది.

బైకు విషయంలో తీర్పు మారుతుంది. చిన్న బైకుల బ్యాటరీ మూడు, నాలుగు ఆంపియర్ అవర్లే. దాని మీద 10 ఆంపియర్ల పంపు పెట్టడం దానికి హింస, హ్యాండిల్ దగ్గరి యూఎస్‌బీ పోర్టు దీనికి పనికే రాదు. బైకు టైరు కడుపు ఎనిమిది, పది లీటర్లే కాబట్టి 25 నుంచి 33కి తేవడానికి అయిదారు లీటర్ల గాలి చాలు. ఇక్కడ చిన్న బ్యాటరీ పంపు సరిగ్గా సరిపోతుంది, ఇంట్లో నీడలో పెట్టుకుని నెలకోసారి చార్జ్ చేస్తే చాలు. ఇంకా చవకలో పోవాలంటే కాలితో తొక్కే పంపు. ఒక్కో తొక్కుకు పావు లీటరు వేసుకున్నా పాతిక, ముప్ఫై తొక్కుల్లో బైకు టైరు నిండుతుంది. అదే కారు టైరును 10 పీఎస్‌ఐ పెంచాలంటే తొక్కులు వందకు చేరతాయి, నాలుగు చక్రాలకు ఎవరూ తొక్కలేరు.

స్కూటరు వెనక చక్రం పది అంగుళాలదైతే వాల్వు దగ్గర చెయ్యి పట్టదు, నిటారు నాజిల్ అసలు ఎక్కదు. ఎల్ ఆకారపు ఎక్స్‌టెన్షన్ ఒకటి తీసుకోవాలి. డిస్క్ బ్రేకున్న ముందు చక్రానికీ ఇదే మాట. తిప్పి బిగించే నాజిల్ విప్పేటప్పుడు గాలి కాస్త వదిలినా ఏళ్ల తరబడి నిలుస్తుంది, క్లిప్పు నొక్కే ప్లాస్టిక్ నాజిల్ పళ్లు త్వరగా అరుగుతాయి. ఇంకొకటి బైకువాళ్లు గట్టిగా గుర్తుంచుకోవాలి: స్పోకు చక్రంలో ట్యూబుంటే, పంక్చరయ్యాక ఏ పంపూ ఇంటికి చేర్చదు. ట్యూబు వదిలిన గాలి స్పోకుల సందుల్లోంచి అప్పటికప్పుడే పోతుంది. ట్యూబ్‌లెస్‌లో మేకు దిగితే దాన్ని పీకకుండా, గాలి నింపుకుంటూ పంక్చర్ షాపు దాకా మెల్లగా పోవచ్చు.

ఈ పంపు గొడవంతా మనకెందుకు వచ్చిందో కూడా మాట్లాడుకోవాలి. 2020లో కేంద్ర మోటారు వాహనాల నిబంధనలు సవరించాక, ట్యూబ్‌లెస్ టైర్లతో పాటు టీపీఎంఎస్ (టైర్లలో గాలి తగ్గితే హెచ్చరించే ఏర్పాటు), పంక్చర్ కిట్ ఉంటే కారుకు స్టెప్నీ తప్పనిసరి కాదు. అప్పటి నుంచి డిక్కీలో సీఎన్జీ సిలిండరో బ్యాటరీయో పెట్టుకున్న కొన్ని కార్లలో స్టెప్నీ స్థానంలో ఒక సీసా, ఒక చిన్న పంపు మిగిలాయి. ఆ సీసాలోని జిగురు ట్రెడ్‌లో మేకు చేసిన చిన్న రంధ్రాన్ని మూస్తుంది. గుంతలో పడి టైరు గోడ చీలితే చేతులెత్తేస్తుంది. మన రోడ్ల మీద గోడ చీలడం అరుదైన సంగతి కాదు. టీపీఎంఎస్‌లోనూ రెండు రకాలు. వాల్వులో సెన్సరున్నది అంకె చెబుతుంది. చక్రం తిరిగే వేగాన్ని బట్టి ఊహించేది, నాలుగు టైర్లూ ఒకేలా మెల్లగా తగ్గితే పసిగట్టలేకపోవచ్చు. మన దగ్గర ఎక్కువగా జరిగేది అదే. స్టెప్నీ తీసేసి కంపెనీ ఆదా చేసుకున్న బరువు, జాగా, డబ్బు మన నెత్తిన పూచీగా వచ్చి పడ్డాయి. అలాంటప్పుడు కారుతో ఇచ్చే పంపు ఆ కారు టైరును సున్నా నుంచి స్టిక్కరు అంకె దాకా ఎన్ని నిమిషాల్లో నింపుతుందో మాన్యువల్‌లో రాసి తీరాలి. బయట అమ్మే ప్రతి పంపు పెట్టె మీదా 150 స్థానంలో అదే ఉండాలి: ఫలానా సైజు టైరు, ఇన్ని పీఎస్‌ఐల నుంచి ఇన్నింటికి, ఇన్ని నిమిషాలు. భారత ప్రమాణాల సంస్థ ఈ ఒక్క వాక్యాన్ని తప్పనిసరి చేసినా ఈ 150ల పోటీ ఆగిపోతుంది.

అది జరిగేలోగా, కొత్త కారు తీసుకునే రోజు షోరూమ్‌లోనే డిక్కీ కింద పలక ఎత్తించండి. పంపు తీసి సాకెట్‌కు గుచ్చి, అవతలి వెనక చక్రం దాకా వైరూ పైపూ కలిపి అందుతున్నాయో లేదో చూడండి. జిగురు సీసా తిప్పి గడువు తేదీ చదవండి. చేతి మీటరు వెంట తీసుకెళ్లి, బండి కదలకముందే నాలుగు టైర్లూ కొలిచి, ఆ అంకెలు డెలివరీ కాగితం మీద రాయించుకోండి.