ఇంటి కప్పుకు వార్తికం

బీమా కంపెనీ రాసి పంపే ఎస్టిమేటును నష్టపరిహార పత్రంగా చదివేవారు మొదటి అడుగులోనే పొరబడుతున్నారని నా నిశ్చితాభిప్రాయం. అది ఒక సూత్ర గ్రంథం. సూత్రానికి మొదటి లక్షణం క్లుప్తత. అరమాత్ర తగ్గించగలిగితే వైయాకరణుడు కొడుకు పుట్టినంత సంబరపడతాడని మన పెద్దలు చెప్పుకునేవారు. ఆ లెక్కన చూస్తే, టెక్సాస్‌లో వడగళ్ళ వాన వెలిసిన మూడో వారంలో మా ఇంటి కప్పెక్కి దిగిన అడ్జస్టరు, అంటే నష్టం లెక్కగట్టడానికి బీమా కంపెనీ పంపిన మనిషి, సూరు చుట్టూ ఉండే రేకును, కొప్పు మీద పెంకుల్లా పరిచే షింగిల్సును, గొట్టాల మొదట్లో ఉండే తొడుగులను తన రచనలోంచి జారవిడిచి, ఒక్క మధ్యాహ్నంలోనే కౌరవుల తండ్రికి దీటుగా నిలిచాడు.

సూత్రం ఉన్నచోట వార్తికం పుట్టక తప్పదు. చెప్పినదాన్ని, చెప్పక వదిలినదాన్ని, తప్పుగా చెప్పినదాన్ని విచారించేదే వార్తికమని శాస్త్రకారులు నిర్వచించారు. అమెరికాలోని రూఫింగు కాంట్రాక్టర్లు సరిగ్గా ఈ మూడు పనులూ చేసే రచనను సప్లిమెంటు అంటారు. తుపాను నష్టానికి బీమా కంపెనీ మంజూరు చేసిన మొత్తం పనికి చాలనప్పుడు, చాలని ప్రతి అంశాన్నీ ఆధారంతో సహా రాసి, మిగిలిన డబ్బు అడగడమే దాని ప్రయోజనం. ఇంత ప్రౌఢమైన ప్రక్రియ మీద డాలస్ పరిసరాల్లోని మన సాహితీ సభల్లో ఒక్క ప్రసంగమైనా నేను వినలేదు. పద్యం మీద, పద్యం చచ్చిపోవడం మీద మాత్రం చాలా విన్నాను.

ప్రక్రియకు నేపథ్యం ముందు చెప్పాలి. ఉత్తర టెక్సాస్‌లో వసంతం వడగళ్ళతో వస్తుంది. ఇక్కడి వార్తల్లో వాటి పరిమాణాన్ని బఠాణీ, పావలా నాణెం, గోల్ఫు బంతి, బేస్‌బాల్ అంటూ చెబుతారు కాబట్టి, ఫ్రిస్కోలోనో ప్లేనోలోనో కొత్తగా దిగిన మనవారికి అర్థమయ్యేలా ఆ కొలమానాన్ని రేగిపండు, నిమ్మకాయ, బత్తాయిల్లోకి మార్చుకోవలసిన అవసరం ఉంది. 2021 ఏప్రిల్ 28న ఇదే రాష్ట్రంలోని హోండోలో పడిన వడగల్లు అడ్డంగా 6.4 అంగుళాలు ఉన్నట్టు నమోదైంది. దానికి పంపరపనస తప్ప మన దగ్గర వేరే పోలిక లేదు. వాన వెలిసిన గంటకల్లా వీధి నిండా పికప్ ట్రక్కులు, వాటి మీద నిచ్చెనలు. చెరువు నిండితే కప్పలు పదివేలు చేరతాయన్న మాట పాతది; కప్పు పగిలినా అంతమందీ చేరతారు. ఈ రాష్ట్రంలో మనిషి జుట్టు కత్తిరించాలంటే ప్రభుత్వ లైసెన్సు కావాలి, ఇంటి కప్పు ఊడబీకడానికి మాత్రం రాష్ట్రస్థాయి లైసెన్సేదీ లేదు. జుట్టు మళ్ళీ మొలుస్తుందన్న సంగతి శాసనసభ్యుల దృష్టికి ఎవరూ తెచ్చినట్టు లేదు.

సూత్రకారుడు కప్పెక్కి చేసే క్రతువు చూడదగ్గది. అడ్జస్టరు ప్రతి వాలు మీదా పదడుగుల పొడవు, పదడుగుల వెడల్పు గల చతురస్రాన్ని సుద్దముక్కతో గీసి, అందులో వడగల్లు తగిలిన ప్రతి మచ్చ చుట్టూ సున్నా చుడతాడు. కింద నుంచి చూస్తున్న మా ఆవిడ, సంక్రాంతికి చుక్కల ముగ్గులా ఉందని, కాకపోతే చుక్కలు కలపకుండానే దిగిపోతున్నాడని వ్యాఖ్యానించింది. ఆ వంద చదరపు అడుగులనే ఈ వృత్తిలో ఒక స్క్వేరు అంటారు. దిగిన తరువాత అతడు ఎక్సాక్టిమేట్ అనే సాఫ్ట్‌వేరు తెరుస్తాడు. ప్రాంతాన్ని బట్టి, నెలనెలా మారే ధరల పట్టిక అందులో ఉంటుంది. కాంట్రాక్టరు దగ్గరా సాధారణంగా అదే సాఫ్ట్‌వేరు, అదే పట్టిక ఉంటాయి. అయినా ఇద్దరి మొత్తాలకూ నడుమ వేల డాలర్ల అగాధం ఎలా ఏర్పడుతుందన్నదే ఈ శాస్త్రంలోని అసలు రహస్యం. స్క్వేరు ధర మీద తగువు చాలా తక్కువ. ధర ఇద్దరికీ ఒకటే అయినప్పుడు, డబ్బు తగ్గించే దారి ఎస్టిమేటులో ఒక్కో పనికి రాసే వరుసను తగ్గించడమే. రాయని వరుసకు ధర ఉండదు.

కాబట్టి ఉత్తమ వార్తికకారుడు ఎస్టిమేటులో ఉన్నదాన్ని కాక లేనిదాన్ని చదువుతాడు. సూరు అంచున మొదట పరిచే స్టార్టరు వరుస ఉన్నదా? కొప్పు మీద వంచి వేసే రిడ్జి క్యాపును మామూలు షింగిల్సులోనే కలిపేశారా? కప్పు నిటారుగా ఉన్నదా, అంటే పన్నెండడుగులు అడ్డంగా పోయేసరికి ఏడడుగులో అంతకన్నా ఎక్కువో లేస్తున్నదా? లేస్తుంటే కూలి పెరగాలి, ఎందుకంటే అక్కడ మనిషి నిలబడడు, తాడు పట్టుకుని వేలాడతాడు. ఇల్లు రెండంతస్తులైతే దానికి వేరే రుసుము ఉంటుంది. డిష్ యాంటెన్నాను విప్పి మళ్ళీ బిగించడానికి, నగరపాలక అనుమతికి, పాత షింగిల్సును చెత్తదిబ్బకు చేర్చడానికి అయ్యే ఖర్చులూ ఉంటాయి. ఇవేవీ లేని ఎస్టిమేటును చదువుతుంటే, పందిరికీ భోజనాలకూ బాజాభజంత్రీలకూ లెక్క రాసి తాళిబొట్టు మరిచిన పెళ్ళిఖర్చుల జాబితా గుర్తుకొస్తుంది.

వేస్టు అనే అంశం మీద ఇరుపక్షాల మధ్యా నడిచే చర్చ అద్వైత ద్వైత వాదాలకు తీసిపోదు. కప్పు వైశాల్యం 40 స్క్వేర్లైతే 40 స్క్వేర్ల సరుకు చాలునని సూత్రకారుడు నమ్ముతాడు. మూలలు, మడతలు, వాలు మీద వాలు ఉన్న ఇంటికి ముక్కలు కోసేటప్పుడు పదిశాతమో పదిహేను శాతమో తరుగు పోతుందని వార్తికకారుడు వాదిస్తాడు. దర్జీ దగ్గర జాకెట్టు కుట్టించుకున్న ఏ స్త్రీనైనా మధ్యవర్తిగా పెడితే ఈ వివాదం అరగంటలో తేలిపోతుంది. వంటి కొలత వేరు, గుడ్డ కొలత వేరు. బీమా రంగం ఆ జ్ఞానాన్ని ఇంకా వినియోగించుకోలేదు.

ఇక సూరు అంచున ఉండే డ్రిప్ ఎడ్జి అనే రేకు గురించి కొంత గౌరవంతో మాట్లాడాలి. వాన నీరు చెక్కలోకి ఇంకకుండా గట్టరులోకి జారేలా చేసే ఈ సన్నని వంపు రేకు, తూకంలో ఇంటి మొత్తంలో అల్పమైనదే కానీ, సప్లిమెంటు సాహిత్యంలో నాయిక స్థానం దానిదే. అంతర్జాతీయ గృహ నిర్మాణ నియమావళి 2012 నాటి ప్రతిలోనే తారు షింగిల్సు వేసే కప్పుల అంచులకు దీన్ని తప్పనిసరి చేశారు. ఆ నియమం సంఖ్య ఆర్ 905.2.8.5. పాత ఇంటికి ఆ రేకు లేకపోతే, లేనిదానికి నష్టం ఎలా జరిగిందని కంపెనీ అడుగుతుంది. ప్రశ్నలో తర్కం ఉన్నది. అయితే నగరం ఆ నియమావళిని స్వీకరించి ఉంటే, రేకు లేకుండా కొత్త కప్పు వేయడం నియమవిరుద్ధం. పాలసీలో ఆర్డినెన్స్ ఆర్ లా అనే భాగం ఉన్నట్టయితే, చట్టం కోరినందుకు పెరిగిన ఆ ఖర్చును కంపెనీయే భరించవలసి వస్తుంది. కాంట్రాక్టరు రాసే వాక్యం ఇలా ఉండాలి: ఇంత పొడవు, ఈ నగరం, ఈ నియమం, ఈ ఫొటో. అంతకు మించి ఒక్క విశేషణం చేర్చినా రసభంగమే.

రసం మాట వచ్చింది కాబట్టి చెబుతున్నాను. సప్లిమెంటుకు తగినది శాంతరసం ఒక్కటే. మా వీధిలో ఒక కాంట్రాక్టరు మీరు పేదల పొట్ట కొడుతున్నారంటూ రౌద్రరసంలో కంపెనీకి మూడు పుటలు రాశాడు, పేదలెవరూ లేని వీధి నుంచి. దానికి జవాబు రాలేదు. మా కాంట్రాక్టరు మాత్రం పాత కప్పు ఊడదీయకముందే ప్రతి వాలునూ, ప్రతి గొట్టాన్నీ, టేపు పక్కన పెట్టిన ప్రతి అంచునూ ఫొటో తీశాడు. ఊడదీసిన తరువాత సాక్ష్యమంతా చెత్తదిబ్బకు పోతుందన్న వేదాంతం అతనికి తెలుసు. ఆకాశం నుంచి తీసిన చిత్రాలతో కొలిచిన నివేదికను జతచేశాడు. షింగిల్సు కింద చెక్క కుళ్ళి కనిపించినప్పుడు పని అక్కడే ఆపించి, ఫొటో పంపి, అడ్జస్టరుకు ఫోను చేశాడు. కొత్త చెక్క వేసి కప్పేసిన తరువాత, అక్కడ కుళ్ళు ఉండేదని ప్రమాణం చేసినా నమ్మేవాడు ఉండడు. అతని రచనలో ఉపమ లేదు, ఉత్ప్రేక్ష లేదు, చదవడానికి మహా నీరసంగా ఉన్నది. అందుకే నెగ్గింది.

పది, పది అన్న మంత్రం గురించి క్లుప్తంగా చెప్పి ముందుకు పోతాను. కప్పు, గట్టరు, రంగు వంటి పలు పనులను ఒకరే సమన్వయం చేయవలసి వచ్చినప్పుడు నిర్వహణకు పదిశాతం, లాభానికి పదిశాతం కలపడం ఈ రంగంలో వాడుక. దీన్ని అడగాలంటే మూడు రకాల పనివాళ్ళు ఉండాలన్నది వట్టి ఆనవాయితీ. దాన్ని ధర్మశాస్త్రంలా ఇరుపక్షాలూ తమకు అనుకూలమైన రోజున ఉదహరిస్తాయి.

చట్టం దగ్గరకు వచ్చేసరికి వ్యవహారం నాటకీయంగా మారుతుంది. టెక్సాస్ బీమా చట్టం 4102వ అధ్యాయం ప్రకారం, న్యాయవాదులను మినహాయిస్తే, లైసెన్సున్న పబ్లిక్ అడ్జస్టరే ఇంటి యజమాని తరఫున క్లెయిము బేరమాడాలి. అతని రుసుము క్లెయిము మొత్తంలో పదిశాతం దాటకూడదు. తాను బాగుచేసే ఇంటికే కాంట్రాక్టరు ఆ పాత్ర ధరించరాదు. ఇది తమ వాక్స్వాతంత్ర్యానికి భంగమని ఒక రూఫింగు కంపెనీ కోర్టుకెక్కితే, ఇది మాటను కాదు, వృత్తిని నియంత్రించే చట్టమని 2024 జూన్‌లో రాష్ట్ర సుప్రీం కోర్టు తేల్చింది. దీని ఫలితంగా కాంట్రాక్టరు అర్ధమౌన వ్రతంలో జీవించాలి. ఈ కప్పుకు 46 స్క్వేర్ల సరుకు పడుతుందని అడ్జస్టరుతో అనవచ్చు. మేకుల సంఖ్య చెప్పవచ్చు. పాలసీ ప్రకారం మీరు దీనికి చెల్లించాలి అన్న వాక్యం మాత్రం అతని నోట రాకూడదు. అది నేను అనాలి. నేను సాఫ్ట్‌వేరు ఉద్యోగిని. షింగిల్సు గురించి నాకు తెలిసినదంతా అతను చెప్పినదే, పాలసీ గురించి తెలిసినదంతా ఆ పాలసీని చదవకుండా సంతకం పెట్టిన అనుభవమే. ఇంగ్లీషు రాని పెళ్ళికొడుకు తరఫున తెలుగు రాని పురోహితుడు మాట్లాడినట్టు మా ఫోను సంభాషణ సాగింది.

ఇక డిడక్టిబుల్. ఇంటిని 4,00,000 డాలర్లకు బీమా చేసి, గాలి, వడగళ్ళ నష్టానికి రెండు శాతం మినహాయింపు ఒప్పుకున్నవాడు 8,000 డాలర్లు తన జేబులోంచి పెట్టుకోవాలి. మొదటి ఎస్టిమేటు 19,000 అనుకుందాం. అందులో కప్పు వయసును బట్టి 6,000 తరుగుదల కింద అట్టిపెట్టి, 8,000 డిడక్టిబుల్ తీసేస్తే చేతికి వచ్చే మొదటి చెక్కు 5,000. చాలామంది ఆ చెక్కు చూసి కంపెనీ ఇచ్చేది ఇంతేనని నిట్టూరుస్తారు. కానీ పాలసీ పాతదాని స్థానంలో కొత్తది వేయడానికయ్యే పూర్తి ఖర్చు ఇచ్చేదైతే, పని ముగించి తుది బిల్లు పంపాక ఆ 6,000 కూడా రావాలి. డిడక్టిబుల్ ఒక్కసారే తీస్తారు కాబట్టి, సప్లిమెంటులో మరో 4,300 మంజూరైతే అదంతా కంపెనీ ఖాతాలోంచే వస్తుంది. సప్లిమెంటు మీద కాంట్రాక్టర్లకు గల భక్తికి మూలం ఈ కూడిక.

ఈ కూడికలోంచే భ్రష్టమార్గం ఒకటి చీలింది. సత్యనారాయణ వ్రతానికి పిలిచిన ఒక పెద్దాయన ప్రసాదం చేతిలో పెడుతూ, మాకు కప్పు ఫ్రీగా పడిందండీ, డిడక్టిబుల్ కూడా కాంట్రాక్టరే చూసుకున్నాడని చెప్పారు. 2019 సెప్టెంబరు 1 నుంచి టెక్సాస్‌లో డిడక్టిబుల్‌ను కాంట్రాక్టరు మాఫీ చేయడం, మరో పేరుతో సర్దుబాటు చేయడం నేరం. యజమాని దాన్ని నిజంగా చెల్లించాడని రుజువు చూపమని కంపెనీ అడగవచ్చు. జరగని పనిని సప్లిమెంటులో రాసి ఆ లోటు పూడ్చేవాడు వార్తికకారుడు కాడు, ప్రక్షిప్తాలు చేర్చేవాడు. సత్యనారాయణస్వామి కథలో సరుకు ఆకులూ తీగలూ అయిపోయిన వర్తకుడి సంగతి అప్పుడే విని లేచాం కాబట్టి నేను మళ్ళీ చెప్పలేదు.

మా సప్లిమెంటు జూన్‌లో వెళ్ళింది. స్టార్టరు, కొప్పు, నిటారు రుసుము ఒప్పుకున్నారు. వేస్టు దగ్గర సగానికి రాజీ పడ్డారు. రేకు కోసం నియమావళి సంఖ్య రెండుసార్లు పంపాక తలవంచారు. కొత్త కప్పు జూలైలో పడింది, తుది చెక్కు సెప్టెంబరులో వచ్చింది. దాని మీద నా పేరు, మా ఆవిడ పేరు, ఇంటి అప్పు ఇచ్చిన సంస్థ పేరు ఉన్నాయి. రెండు సంతకాలు వంటగదిలోనే అయిపోయాయి. మూడో సంతకం కోసం చెక్కును వేరే రాష్ట్రంలోని కార్యాలయానికి పోస్టులో పంపితే, పని పూర్తయిందో లేదో చూడడానికి మనిషిని పంపుతామని రాశారు. నిన్న ఆ మనిషి వచ్చాడు. నిచ్చెన తేలేదు. రోడ్డు మీదే నిలబడి కాసేపు పైకి చూసి, ఎండకు సూరు వెంబడి మెరుస్తున్న రేకును వేలితో చూపిస్తూ, అది ఎస్టిమేటులో ఉన్నదేనా అని అడిగాడు.