ఫ్లెక్సీలో బొమ్మ సరే, సావిట్లో లెక్క ఎవరు రాస్తారు?

తెనాలి, పొన్నూరు, దుగ్గిరాల వైపు ఏ రోడ్డున వెళ్లినా ఊరి సెంటర్లో ఒక శ్రద్ధాంజలి ఫ్లెక్సీ తప్పకుండా కనిపిస్తుంది. భుజాన కండువా, ఫొటో కోసం బలవంతాన బిగించిన మొహం, కింద నాలుగు మాటలు. కష్టజీవి, స్నేహశీలి, కుటుంబమే లోకంగా బతికినవాడు, గొడ్లను కన్నబిడ్డల్లా సాకినవాడు. ఆ కింద పెద్దకర్మ తేదీ, భోజనాల వేళ. అందులో అబద్ధం ఒక్కటీ ఉండదు. అంతా చదివాక ఆ మనిషి గురించి మనకు తెలిసిందీ ఏమీ ఉండదు.

జీవితమంతా గొడ్ల సావిట్లో గడిపిన పాడి రైతును ‘ప్రేమగా చూసుకున్నాడు’ అని సరిపెట్టి సాగనంపడం ఆయన విద్యను లెక్కలోంచి కొట్టేయడమే. డాక్టరు పోతే ఏ జబ్బులో చెయ్యి తిరిగినవాడో చెప్పుకుంటాం. తాపీమేస్త్రి పోతే ఆయన కట్టిన ఇళ్లు చూపిస్తాం. గొడ్లకాపరి తనం దగ్గరికి వచ్చేసరికి మాత్రం మంచితనం ఒక్కటే మిగులుతుంది. మంచితనంతో గేదె చూడి కట్టదు.

ఎద కనిపెట్టడమే తీసుకోండి. గేదె 21 రోజులకోసారి ఎదకు వస్తుంది. ఆవులా అరిచి గోల చేయదు, ఎండాకాలంలో అయితే మరీ మూగ ఎద. పగలు చూస్తే ఏమీ తెలియదు. తెల్లవారుజామున సావిట్లోకి వెళ్లి, గేదె పడుకుని లేచిన చోట బ్యాటరీ లైటు వేసి చూడాలి. గుడ్డులోని తెల్లసొనలా సాగే తీగ పేడలో కలిసిపోకముందే కంటపడాలి. పొద్దుటి పాలు అర లీటరు తగ్గడం, దాణా వాసన చూసి వదిలేయడం, మాటిమాటికీ మూత్రం పోయడం, తోక కాస్త పక్కకు పెట్టడం, వీటిలో రెండు కలిసొస్తే చాలు, తెలిసినవాడికి అనుమానం తీరిపోతుంది. పొద్దున ఎద కనిపిస్తే సాయంత్రం చూడి కట్టించే వీర్యం సూది, సాయంత్రం కనిపిస్తే మర్నాడు పొద్దున. తొందరపడి ముందే వేయించినా, బద్ధకించి మర్నాడు మధ్యాహ్నానికి వేయించినా కట్టదు. ఒక్క ఎద తప్పితే ఇంకో 21 రోజులు ఊరికే మేపాలి. రోజుకు 150 రూపాయల మేత అనుకున్నా 3,150 రూపాయలు పేడలో పోసినట్టే. ఇలా రెండు మూడుసార్లు తప్పిన గేదె సంతకు పోతుంది. ఏటేటా ఈనే గేదె ఏ ఇంట్లో ఉందో ఆ ఇంట్లో తెల్లవారుజామున లేచే మనిషి ఒకడు ఉన్నాడని అర్థం. ఫ్లెక్సీలో రాయాల్సిన మాట అది.

దూడ సంగతి ఇంకా ఖరీదైన చదువు. ఈనిన అరగంట, గంటలోపు ముర్రుపాలు పట్టించాలి. మొదటి రోజంతా కలిపి దూడ బరువులో పదో వంతు, అంటే 30 కిలోల దూడకు మూడు లీటర్లు. రోగాన్ని ఆపే శక్తి ఆ పాల నుంచి పేగుల గుండా ఎక్కేది తొలి ఇరవై నాలుగు గంటల్లోనే. గంట గంటకూ ఆ దారి మూసుకుపోతుంటుంది. మాయ పడేదాకా పాలు తీయకూడదనే నమ్మకం మన పల్లెల్లో ఇంకా పోలేదు. మాయ పడటానికి ఎనిమిది, పది గంటలు పడితే దూడ ఆ సేపంతా ఎండు నోటితో ఉంటుంది. (ఈలోపు జున్నుపాల కోసం గిన్నెలు పంపే ఇరుగుపొరుగు సంగతి వేరే చెప్పాలి.) తర్వాతి గండం రెండు మూడు వారాలప్పుడు. గేదె దూడకు ఏలికపాములు తల్లి పాలలోంచే వస్తాయి. మట్టిరంగులో వాసన కొట్టే పారుడు మొదలై, వెంట్రుక నిక్కబొడుచుకుని, పొట్ట జారి, దూడ పోతుంది. పదో రోజుకల్లా తొలి నట్టల మందు, ఆ తర్వాత ఆర్నెల్లదాకా నెలకోసారి, అంతే వైద్యం. దూడ పోయిన గేదె చాలాసార్లు చేపదు, అంటే పొదుగులోంచి పాలు వదలదు, చేపకపోతే పాలు లేవు. కాబట్టి దూడను బతికించడం జాలి కాదు, ఆ ఈత మొత్తం ఆదాయాన్ని కాపాడుకోవడం.

పాలు పిండటం చేతనైనవాడి పేరు పాల కేంద్రం స్లిప్పులో తెలుస్తుంది. చేపు నిలిచేది ఆరేడు నిమిషాలే, ఆలోపు పొదుగు ఖాళీ కావాలి. చివరి పాలలోనే వెన్న ఎక్కువ. వాటిని పొదుగులో వదిలేసినవాడు పాలు పోసి వెన్న ఇంట్లో పెట్టుకున్నట్టు, పైగా అది పొదుగువాపుకు పిలుపు. పది లీటర్లు పోసే ఇంట్లో వెన్న అర శాతం తగ్గితే యాభై గ్రాములు పోయినట్టు. కిలో వెన్న 800 అనుకుంటే రోజుకు 40, నెలకు 1,200 రూపాయలు. బొటనవేలు మడిచి చన్ను లాగేవాళ్లకు పాలు వస్తాయి, ఏడాది తిరిగేసరికి చన్ను లోపల కాయలు కూడా కడతాయి. నిండు పిడికిలితో పిండాలని అందరికీ తెలుసు, తొందరలో అందరూ బొటనవేలే మడుస్తారు.

మేత విషయంలో డెల్టా రైతుకు ఒకప్పుడు సాటి లేదు. వరి కోతకు ముందే చేలో జనుము, పిల్లిపెసర చల్లి, కోశాక పదునులోనే వాటిని పెంచి, ఎండబెట్టి, వరిగడ్డితో పొరలు పొరలుగా వామి వేసేవాళ్లు. ఎండుగడ్డిలో లేని మాంసకృత్తులు ఆ పొరలోంచి వచ్చేవి. ఇప్పుడు కోత మిషను గొలుసుల కింద మొలక నలిగిపోతుంది, గడ్డి ముక్కలై చేలోనే కాలిపోతుంది, రైతు పత్తిచెక్క బస్తా కొనుక్కుంటాడు. ఏ గడ్డి ఎప్పుడు పెట్టకూడదో తెలియడం ఇంకా పెద్ద విద్య. వాన లేక వడలిన లేత జొన్న, కోశాక వచ్చిన పిలకలు నాము అనే విషం ఎక్కి ఉంటాయి. మేసిన అరగంటలో గొడ్డు కూలిపోతుంది, డాక్టరు వచ్చి థయోసల్ఫేట్ ఎక్కించేంత వ్యవధి కూడా చాలాసార్లు ఉండదు. పల్నాడులో, గుంటూరు మెట్టలో మిర్చికి, పత్తికి మందు కొట్టిన రోజుల్లో గట్టు గడ్డి మేపకూడదు. నోట నురగ, వణుకు కనిపిస్తే అది పురుగుమందే. ఏ చేలో ఎవరు ఏ రోజు మందు కొట్టారో గుర్తుపెట్టుకుని గొడ్లను దారి మళ్లించిన మనిషి ఎన్ని ప్రాణాలు కాపాడాడో ఎక్కడా నమోదు కాదు.

ఇక ‘కుటుంబమే లోకం’ అన్న మాట. పాడి రైతు కుటుంబంలో అది వర్ణన కాదు, పని విభజన. కుడితి కలపడం, పేడ ఎత్తడం, దూడను విడిచి కట్టడం, క్యాను కేంద్రానికి మోయడం ఎక్కువగా ఆ ఇంటి ఆడవాళ్ల చేతి మీదే నడుస్తాయి. పాల కేంద్రంలో సభ్యత్వం, గొడ్ల చెవికి వేసే నంబరు పోగు నమోదు, బీమా, బోనస్ మాత్రం ఆయన పేరున ఉంటాయి. ఆయన పోయిన వారం తిరగకుండానే దళారి వాకిట్లోకి వస్తాడు. పోయినాయన బావమరిది పక్కన కూర్చుని, తువ్వాలు కింద చేతులు పెట్టి, వేళ్లు నొక్కి బేరం మొదలెడతాడు. ‘మగ దిక్కు లేని ఇంట్లో గొడ్లెందుకమ్మా’ అనే మాట ఆ బేరంలో భాగమే, రేటు తగ్గించడానికి. ఏ గేదె ఎన్నో నెల చూడి, ఏ కోడె సూది, పోయిన ఈతలో ఎన్ని పాలు, ఏ చన్నులో తేడా ఉంది, ఇవన్నీ పోయినాయన తలలో ఉండిపోయాయి. రాసి ఉంటే నాలుగో నెల చూడితో ఉన్న ముర్రా జాతి గేదెకు చూడి గేదె రేటు వచ్చేది. రాసి లేదు కాబట్టి వట్టిపోయిన గేదె రేటుకు పోతుంది. కొన్నవాడూ బాగుపడడు. చెయ్యి మారి, కుడితి మారి, పిలుపు మారి గేదె పాలు తగ్గించేస్తుంది.

చావింట్లో ఈ లెక్కలేమిటి, మనిషిని తలుచుకోవాల్సిన వేళ గేదెల చిట్టా విప్పుతామా అని అడిగేవాళ్లు ఉంటారు. గుంటూరు దగ్గర లాం ఫారంలో పశు పరిశోధన స్థానం ఉంది, ఒంగోలులో కేంద్ర ప్రభుత్వ మందల నమోదు పథకం యూనిట్ ఉంది, ప్రతి గొడ్డు చెవికీ 12 అంకెల పోగు, భారత్ పశుధన్ అనే సర్కారు యాప్‌లో వివరాలు ఉన్నాయి, రైతు నోటు పుస్తకంతో పనేమిటనేవాళ్లూ ఉంటారు. ఒంటి మీది వెంట్రుకల సుడులు చూసి గొడ్డును కొనే రైతుది శాస్త్రం ఎలా అవుతుందన్నది మూడో మాట. సుడుల మాట ఒప్పుకుంటాను, అది తీసేయవచ్చు. మిగతావి ఒప్పుకోను. పోగు ఊడిపోతుంది, ఊరి ఆబోతు దాటితే ఏ యాప్‌లోనూ ఎక్కదు, ఫలానా గేదె దాణా ముందు పెడితేనే చేపుతుందన్న సంగతి 12 అంకెల్లో పట్టదు.

అసలు నష్టం ఇంతకంటే పెద్దది, ఒక ఇంటితో ఆగేది కాదు. మన ఒంగోలు గిత్త 19వ శతాబ్దంలోనే బ్రెజిల్ చేరింది. అక్కడ దాన్ని నెలోర్ అన్నారు, మన నెల్లూరే. 1938లో వాళ్లు వంశావళి పుస్తకం తెరిచారు. 1960ల మొదట్లో ఇక్కడి నుంచి ఆఖరి విడత కోడెలు, పెయ్యలు వెళ్లాయి. అందులో ప్రకాశం జిల్లా కరవది ఊరి పేరే పెట్టుకున్న ఆబోతు ఒకటి. ‘కర్వాదీ’ సంతానం అంటే అక్కడి పెంపకందారులకు ఇవాళ్టికీ తెలుసు, ఏ కూతురు ఎవరికి పుట్టిందో కాగితం మీద చూపిస్తారు. అదే కోడెకు ఇక్కడ మిగిలిపోయిన అన్నదమ్ములు ఎటు పోయారో, ఏ మందలో కలిశారో కరవదిలోనైనా కాగితం మీద దొరుకుతుందా? వియాటినా-19 అనే నెలోర్ ఆవు ధర 2023 వేలం లెక్కన 40 లక్షల డాలర్లు దాటిందని మన పేపర్లన్నీ మురిసిపోతూ రాశాయి. ఆ డాలర్లలో సగం నెత్తురుకు, సగం పుస్తకానికి. నెత్తురు మన దగ్గరా ఉంది.

పుస్తకం లేకపోతే ఏమవుతుందో చిన్న లెక్క. ఊరికి ఒకే ఆబోతు ఉంటే మూడేళ్లకు దాని కూతుళ్లు ఎదకు వస్తాయి. అప్పటికి ఆబోతును మార్చకపోతే తండ్రే కూతుళ్లను దాటుతుంది. సూదిలోనూ అదే ప్రమాదం. తల్లికి ఏ కోడె వీర్యం వేశారో రాసుకోకపోతే, పెయ్య ఎదకు వచ్చినప్పుడు అదే కోడెది పడినా ఎవరికీ తెలియదు. తర్వాత దూడలు గిడసబారుతాయి, చూడి నిలవదు. ‘సూదులు పనికిరావు’ అని ఊరంతా తిట్టుకుంటుంది. నిజానికి విరుగుడు ఊళ్లో సూది వేసే గోపాలమిత్ర చేతిలోనే ఉంటుంది. పావు మిల్లీలీటరు వీర్యం పట్టే ఆ సన్నని స్ట్రా మీద కోడె నంబరు, జాతి, తయారైన కేంద్రం అచ్చువేసి ఉంటాయి. 37 డిగ్రీల గోరువెచ్చని నీళ్లలో అర నిమిషం ఉంచి, తుడిచి, గన్నులో పెట్టి పని అయ్యాక దాన్ని పేడకుప్ప మీదకు విసిరేస్తారు. దాన్ని అడిగి తీసుకుని, తేదీ రాసిన కాగితం చుట్టి, సావిడి చూరులో దోపుకునే రైతులు ఉన్నారు. బ్రెజిల్ వాడు చేసిన పనికీ, ఆ రైతు చేసిన పనికీ తేడా బైండింగులో మాత్రమే. ఆ రైతు పోయాక చూరు దులిపేటప్పుడు అవన్నీ చెత్తలో పోతాయి.

గొడ్లకు సంబంధించి గుంటూరు సీమ బాగా గుర్తుపెట్టుకున్న మనిషి ఒకాయన ఉన్నాడు. పల్నాడు అడవిలో మేతకు పుల్లరి కట్టనని ఎదురుతిరిగి 1922లో ప్రాణమిచ్చిన కన్నెగంటి హనుమంతు. ఆ గౌరవం న్యాయమే. దాంతోపాటు, ఏ కాల్పులూ లేకుండా మంచంలో పోయిన పాడి రైతుకు ఒక వంద పేజీల నోటు పుస్తకం దక్కడం కూడా న్యాయమే.

పెద్దకర్మ దాకా చుట్టాలంతా ఇంట్లోనే ఉంటారు. ఆ రోజుల్లో ఒక సాయంత్రం ఇంటావిడను అడిగి, ప్రతి గొడ్డుకూ ఒక పేజీ రాయించవచ్చు. పోగు నంబరు, ఎన్నో ఈత, సూది వేయించిన తేదీ, స్ట్రా మీది కోడె నంబరు, పాలు ఆపిన తేదీ, ఏ చన్ను నెమ్మదిగా దిగుతుంది, ఏ మందు పడదు. గేదె చూడి 310 రోజులు, ఆవుది 280 పైచిలుకు. సూది తేదీ దొరికితే ఈనే తేదీ వేళ్ల మీదే తేలుతుంది, ఈనడానికి రెండు నెలల ముందు పాలు ఆపాలన్నదీ తెలుస్తుంది. ఆ వారంలోనే పాల కేంద్రం కార్యదర్శి సభ్యత్వాన్ని ఆమె పేరుకు మార్చాలి. చెవి పోగు యజమాని పేరును పశువైద్యశాలలో దిద్దించాలి. లేకపోతే బీమా సొమ్ము పేరు తేడాతో తిరిగిపోతుంది. ఇక డెయిరీలు చేయాల్సింది ఒకటుంది. వెన్న శాతం అచ్చు వేసే స్లిప్పు మీదే గొడ్డు పోగు నంబరు, తండ్రి కోడె నంబరు కూడా వేయొచ్చు, మిషనుకు అదేం భారం కాదు. రెండు తరాల తండ్రి నంబరు ఉన్న పెయ్యకు సంతలో రేటు దానంతట అదే పెరుగుతుంది. ఆ కాగితం వస్తే ముందుగా గగ్గోలు పెట్టేది తువ్వాలు వేసుకుని వాకిట్లోకి వచ్చేవాళ్లే.