లైనర్ కాలరును అరగదీయకండి

“పాత ట్రాక్టర్ లైనర్లు మీరే మార్చుకోండి, వేలు మిగుల్చుకోండి” అనే సందేశం పెందుర్తి నుంచి ఒకరు, ఆనందపురం నుంచి ఇద్దరు పంపారు. లైనరంటే ఇంజను బ్లాకులో పిస్టన్ ఆడే గొట్టం. చివరికి గాజువాక ఆటోనగర్‌లో లేతు పని చేసే తమ్ముడు కూడా “నిజమేనా అన్నా?” అని పంపాడు. నిజం కాదు. ఊడ్పుల ముందు ఇంజను విప్పుకునే రైతు దీన్ని నమ్మితే ఆ పంటకాలం పోయినట్టే.

అసలు ఏ ఇంజను గురించి చెబుతున్నారో ఆ సందేశంలో లేదు. చెక్ కంపెనీ జెటార్ పరిజ్ఞానంతో వచ్చిన హెచ్‌ఎంటీ ట్రాక్టర్లో వెట్ లైనర్లు, అంటే బయటి గోడకు నేరుగా నీళ్లు తగిలేవి. మాసీ ఫెర్గూసన్ 35లోని మూడు సిలిండర్ల పెర్కిన్స్ ఇంజనులో డ్రై లైనర్లు, అంటే నీళ్లు తగలకుండా బ్లాకులో బిగుతుగా కూర్చునేవి. రెండింటికీ ఒకే మంత్రమా?

వెట్ లైనర్ కింద నీళ్లు కారకుండా ఆపే రబ్బరు ఓ రింగులకు గ్రీజు దట్టంగా పట్టించాలట. ఆ రింగు ఏ రబ్బరుతో చేశారో ముందు చూడండి. ఈపీడీఎం అనే రకం అయితే గ్రీజుకు ఉబ్బి, లైనర్‌ను చుట్టూ నొక్కి దాని లోపలి రంధ్రం (బోరు) గుండ్రతనాన్ని పాడుచేస్తుంది. కంపెనీ వేరే ఏదీ చెప్పకపోతే సబ్బు నీళ్లు చాలు.

అన్నిటికంటే ప్రమాదకరమైనది నాలుగో సలహా: “వెట్ లైనర్ బ్లాకు కంటే పైకి కనిపిస్తే ఎమరీతో అరగదీసి సమం చేయండి.” అది పైకి ఉండాలనే అలా తయారుచేశారు! చాలా ఇంజన్లలో ఆ ఎత్తు మిల్లీమీటరులో వందో వంతుల లెక్కలోనే ఉంటుంది. మీ ఇంజనుకు ఎంతో మాన్యువల్లో ఉంటుంది. హెడ్ బోల్టులు బిగించినప్పుడు ఆ కాస్త ఎత్తే హెడ్‌కూ బ్లాకుకూ మధ్య ఉండే గాస్కెట్‌ను నొక్కి పట్టి, లైనర్‌ను కదలకుండా కూర్చోబెడుతుంది. దాన్ని అరగదీస్తే మంట గాస్కెట్‌ను తినేస్తుంది. లైనర్ పైకీ కిందికీ కదిలి ఓ రింగులను అరగదీస్తుంది, నీళ్లు అడుగున ఆయిలు ఉండే సంప్‌లోకి దిగుతాయి, ఆయిలు పాలు కలిపిన టీ రంగుకు మారుతుంది. తరువాత బేరింగులు పోతాయి, క్రాంకు కూడా దెబ్బతింటుంది. వేలు మిగిల్చే పద్ధతి ఇదేనా?

ఎత్తు మరీ ఎక్కువైతే తప్పు లైనర్‌ది కాకపోవచ్చు. లైనర్ పై అంచు, అంటే కాలరు, కూర్చునే గాడిలో పాత మసి, తుప్పు, పొక్కు ఉన్నాయేమో చూడండి. అక్కడ చిన్న రేణువు మిగిలినా, బోల్టులు బిగించినప్పుడు కాలరు పగిలిపోవచ్చు. గాడిని మెరిసేదాకా శుభ్రం చేసి, లైనర్‌ను బోల్టు, వాషర్లతో నొక్కిపట్టి, డయల్ గేజుతో నాలుగు వైపులా కొలవండి. పక్క లైనర్‌తో తేడా కూడా చూడండి. గాడి లోతుకు అరిగిపోయి ఉంటే, అరిగిన చోటును లేతు షాపులో సరిచేయించి కింద స్టీలు షిమ్ము (పలుచని రేకు ఉంగరం) వేయించాలి.

డ్రై లైనర్‌ను ఫ్రీజర్‌లో పెట్టి దించమన్న మాట మాత్రం సరైనదే. మన ఎండకు 30 డిగ్రీలున్న 100 మిల్లీమీటర్ల వ్యాసమున్న పోత ఇనుప లైనర్ మైనస్ 18కి చేరితే దాదాపు 0.05 మిల్లీమీటరు కుంచించుకుంటుంది. ప్రెస్సుకు అది పెద్ద సాయం. అయితే విశాఖ ఉక్కపోతలో బయటికి తీయగానే దానిపై నీటి బిందువులు పడతాయి. వెంటనే తుడిచి, ఆలస్యం చేయకుండా నొక్కేయండి.

ఓ రింగులు వేయకముందు వెట్ లైనర్‌ను ఉత్తగా దించి చేత్తో తిప్పి చూడమన్నది అంతకంటే మంచి సలహా. ఆ ఒక్క వాక్యమే ఉంటే ఆ సందేశాన్ని నేనే అందరికీ పంపేవాడిని.

రేడియేటరులో బోరుబావి నీళ్లు చాలట! భీమిలి తీరాన ఉప్పెక్కిన బోరు నీళ్లు కూడానా? ప్రతి మంటకూ వెట్ లైనర్ అదురుతుంది, దాని బయటి గోడపై బుడగలు పుట్టి పగిలి చిన్న గుంతలు పడతాయి. చివరికి గోడకు బెజ్జం పడుతుంది. తుప్పును ఆపే కూలెంటు పోయండి.

కొత్త లైనర్లు వేసిన ఇంజనును రోజంతా ఖాళీగా నడపమన్నది కూడా తప్పే. బరువు లేకుండా తిరిగితే బోరు నున్నబడి రింగులు సరిగా కూర్చోవు. తేలిక బండి కట్టి, వేగం మారుస్తూ నడిపించండి. మాన్యువల్ చెప్పిన చోట హెడ్ బోల్టులను టార్క్ రెంచితో మళ్లీ సరిచూడండి.