మంచమెక్కితేనే రోగి

నల్లగొండ జిల్లాలో కీళ్లు నొస్తున్నాయంటే కారణం చెప్పడానికి డాక్టర్ అక్కర్లేదు. బస్టాండులో జామకాయలమ్మే అవ్వ కూడా చెబుతుంది: "నీళ్లు బిడ్డా, ఫ్లోరైడు." నాకూ చాలాకాలం అందరూ అదే చెప్పారు. తీరా రక్తపరీక్ష చేయిస్తే తేలింది కీళ్లవాతమని. ఒంటికి కాపలా కాయాల్సిన రోగనిరోధక శక్తే కీళ్ల మీద పడిందట. కంచే చేను మేసింది.

ఆ రోజుతో నా పరువు పోయింది. ఫ్లోరైడ్‌కు మా జిల్లాలో ఒక హోదా ఉంది. ఆ నీళ్ల గోస దేశానికి తెలియాలని 1996లో నల్లగొండ లోక్‌సభ సీటుకు 480 మంది పోటీ చేస్తే బ్యాలెట్ పేపరు పుస్తకమంత అయింది, పోలింగే వాయిదా పడింది. కీళ్లవాతమోళ్లం కూడా అదే పని చేద్దామంటే, పొద్దున లేచాక వేళ్లు వంగడానికే గంట పైన పడుతుంది. పేస్టు మూత పళ్లతో తీసుకునేదాన్ని, నామినేషన్ మీద సంతకం ఎట్లా చేస్తాను? (నామినేషన్లు పదకొండింటికి గానీ తీసుకోరు. ఎన్నికల సంఘానికి మా బాధ తెలిసినట్టే ఉంది.)

ప్రభుత్వాన్ని మాత్రం ఒక్క మాట అనను. ఆరోగ్యశ్రీ మొదలైందే మా పక్కన. 2007లో తొలుత పెట్టిన మూడు జిల్లాల్లో మహబూబ్‌నగర్ ఒకటి. 2023 డిసెంబర్ 9న పరిమితిని 5 లక్షల నుంచి 10 లక్షలు చేశారు. కార్డు పట్టుకుని హైదరాబాద్‌లో ఒక పెద్ద దవాఖానకు పోయాను. అక్కడ ఆరోగ్యశ్రీ కౌంటర్‌లో ఉండే ఆరోగ్యమిత్ర ఎంతో మర్యాదగా అడిగింది.

"అడ్మిట్ అయితరా అక్కా?"

"లేదమ్మా, గోలీలు రాసిండ్రు. ఎప్పటికీ వేసుకోవాల్నంట."

"ఆపరేషన్ ఏమన్న ఉందా?"

"లేదు."

ఆమె మొహంలో నిజంగానే జాలి కనిపించింది. "గోలీలకు రాదక్కా. అడ్మిట్ అయ్యేటట్టుంటే రా."

లోపమంతా జబ్బుదే. పది లక్షలు పట్టుకుని పథకం ఎదురుచూస్తుంటే, నా రోగం నెలనెలా మందుల బిల్లు చేతబట్టుకుని నడిచి వస్తుంది. నడిచి రావడమే దాని తప్పు. మందులు మానేస్తే కీళ్లు వంకరపోతాయని డాక్టర్ భయపెడతారు గానీ, అందులో ఉన్న సౌకర్యం ఆయనకు తట్టలేదు. వంకరపోతే మంచమెక్కుతాను, మంచమెక్కితే అర్హత వస్తుంది.

పోనీ ప్రైవేటు బీమా చేయిద్దామా అంటే, ముందు నుంచీ ఉన్న జబ్బులకు డబ్బు ఇవ్వకుండా కంపెనీలు ఆపగల గడువును 2024లో నాలుగేళ్ల నుంచి మూడేళ్లకు తగ్గించారు. ఆ మాటే నా మోకాళ్లకు చెప్పి, మూడేళ్లు ఓపిక పట్టమన్నాను. ప్రీమియం మీద 18 శాతం జీఎస్టీ కూడా 2025 సెప్టెంబర్ 22 నుంచి లేదు. జబ్బు పేరు చెప్పగానే ఏజెంటు ఫోన్ పెట్టేశాడు కాబట్టి, దొరకని పాలసీకి పన్ను కూడా మిగిలింది.

దేశం మా గోలీని గౌరవించింది ఒక్కసారే. 2020 మార్చిలో, కరోనా రాకుండా వైద్య సిబ్బంది హైడ్రాక్సీక్లోరోక్విన్ వేసుకోవచ్చని కేంద్ర వైద్య పరిశోధన మండలి ఐసీఎంఆర్ చెప్పింది. నేను రోజూ మింగేది అదే. మెడికల్ షాపుకు పోతే పిల్లగాడు చేతులెత్తేశాడు. "స్టాక్ లేదక్కా, సార్లు డబ్బాలకు డబ్బాలు తీస్కపోయిండ్రు." ఏ జబ్బూ లేనివాళ్లు అది వేసుకుని ఏ జబ్బూ లేకుండానే ఉన్నారు.

ఇప్పుడు టెన్షన్ కొత్త కార్డుది. 2022లో ములుగు, సిరిసిల్లలో హెల్త్ ప్రొఫైల్ అన్నారు, ప్రభుత్వం మారాక 2024లో కుటుంబ డిజిటల్ కార్డన్నారు. పాత కార్డు ఇక చెల్లదని వాట్సాప్‌లో ఎవరో ఒకరు పంపుతూనే ఉంటారు. నాకు ఒక్కనాడూ పనికిరాని కార్డు పోతుందని నిద్ర ఎందుకు పట్టదో ఆ డిజిటల్ వాళ్లే చెప్పాలి.

అయితే పరిమితి పెంచిన అదే 2023 డిసెంబర్ 9న ఆడవాళ్లకు ఆర్టీసీలో ఉచిత ప్రయాణం కూడా మొదలైంది. నా రోగానికి సర్కారు నుంచి నికరంగా అందుతున్న వైద్య సహాయం ఆ జీరో టికెట్టే. కాబట్టి సవినయంగా మనవి: నల్లగొండ నుంచి హైదరాబాద్ పోయే ఎక్స్‌ప్రెస్‌ను నెట్‌వర్క్ ఆసుపత్రిగా గుర్తించండి. కండక్టర్‌కు ఆరోగ్యమిత్ర హోదా ఇవ్వండి. సీటు దొరికిన రోజు నన్ను అడ్మిట్ అయినట్టు రాసుకోండి. నిలబడి పోయిన రోజు మాత్రం ఓపీ కిందే వేయండి, నిబంధనలు నాకూ తెలుసు.